పోట్లాటల కారు

కట్టుడుపళ్ళాయన తన కారుకి బీమా తాత్కాలికంగా ఆపించుకున్న రోజున ఇంటిల్లిపాదీ అతన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకోనిది ఒక్క భార్యే. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఎంత ప్రమాదమో తెలియాలంటే ముందు ఆ కారు సంగతి చెప్పాలి.

అతని పని కట్టుడుపళ్ళు చెయ్యడం. డాక్టర్లు పంపిన అచ్చులు ముందు పెట్టుకుని, మైనం కరిగించి, పళ్ళు ఒక్కొక్కటే పేర్చి, చిగుళ్ళ రంగు సరిచూసి, మెరుగుపెట్టి పంపిస్తాడు. ఊళ్ళో పెద్దవాళ్ళ నవ్వులు సగం అతని చేతిలోంచి వచ్చినవే. మొన్నమొన్నటిదాకా ఊరవతల ఒక అద్దెగదిలో ఈ పని సాగేది. ఇంటి కిందిగది ఖాళీ అవగానే బల్ల, మోటారు, మైనం పొయ్యి తెచ్చి అక్కడే పెట్టుకున్నాడు. పనికి వెళ్ళడమంటే మెట్లు దిగడమే కాబట్టి, కారు ఇంటిముందు ఊరికే పడి ఉంటోంది.

మేడమీది ఇంట్లో గదులకి గోడలు ఉన్నాయంటే ఉన్నాయి. ముందుగదిలో అతని మేనమామ, మధ్యగదిలో అమ్మ, చివరిగదిలో వీళ్ళిద్దరూ. మేనమామకి చూపు తగ్గింది గానీ పాముచెవులు. భార్యాభర్తలు ఎంత గుసగుసగా మాట్లాడుకున్నా, పొద్దున్న టీ తాగుతూ "ఆ విషయంలో తప్పు నీదేరా" అని తీర్పు చెప్పేసేవాడు. అప్పీలు ఉండదు. అమ్మ తీర్పులు చెప్పదు, నిట్టూరుస్తుంది. అది ఇంకా కష్టం.

అందుకని కారు కొన్న కొత్తలోనే ఆ మొగుడూపెళ్ళాలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పోట్లాట ఎంత ముంచుకొచ్చినా ఇంట్లో నోరు మెదపకూడదు. ఎవరికి కోపం వస్తే వాళ్ళు మేకుకున్న కారు తాళం తీస్తారు. రెండోవాళ్ళు నోరుమూసుకుని వెనకాలే దిగుతారు. కారులో కూర్చుని, అద్దాలు పైకెత్తి, అప్పుడు మొదలు. ఇంట్లో అందరి ముందూ అతన్ని మీరు అనే మనిషి, కారు తలుపు పడగానే నువ్వు అనేది. ఆ పిలుపుకే అతని కోపం సగం దిగిపోయేది. మిగతా సగం వృథా కాకుండా ఇద్దరూ శక్తివంచన లేకుండా అరుచుకునేవారు.

మేడమీద కిటికీలోంచి చూసే అమ్మకి నోళ్ళు తెరుచుకోవడం, చేతులు ఊగడం, తలలు ఆడడం మాత్రమే కనిపించేవి. "మావాడూ కోడలూ కారులో కూర్చుని పాటలు పాడుకుంటారు" అని చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయేది. పెద్దావిడ సంతోషం చెడగొట్టడం ఎందుకని వీళ్ళూ ఊరుకున్నారు.

ఇదీ ఆ కారు సంగతి. బండి వాడకంలో లేనన్నాళ్ళూ బీమా ఆపుకోవచ్చని కంపెనీవాళ్ళు చెప్పగానే అతను ఎగిరి గంతేశాడు. ఫోన్లో అమ్మాయి అడిగిందానికల్లా చకచకా జవాబులు చెబుతున్నాడు. లాండ్రీ షాపులో కౌంటరు చూసే భార్య సరిగ్గా అప్పుడే ఇంటికొచ్చింది. రోజూకంటే ముందే వచ్చింది, పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది. చెప్పులైనా విడవకుండా మేకుకున్న తాళం తీసి, బ్యాగు గుండెలకి అదుముకుని గుమ్మంలో నిలబడింది. మొహం వెలిగిపోతోంది. అది కోపం కాదని ఎవరికైనా తెలుస్తుంది, ఫోన్లో ఉన్న మొగుడికి తప్ప.

"ఈ బండి మీరు కాక ఇంకెవరైనా వాడతారా సార్?" అంది ఫోను స్పీకర్లోంచి అమ్మాయి.

"ఎవరూ లేరండి" అన్నాడతను.

తాళం మళ్ళీ మేకుకి వెళ్ళిపోయింది. ఫోను పెట్టేశాక అతను, "ఏంటి, ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావ్?" అన్నాడు.

"కారులో చెబుదామనుకున్నాను."

"అదిప్పుడే ఆపేశాంగా."

"అయితే మళ్ళీ తీసినప్పుడు చెబుతాలెండి" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు కంపెనీ తనిఖీదారు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చెదరని చొక్కాతో ఉన్నాడు. నాలుగు చక్రాల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాడు. తలుపులకి అడ్డంగా కాగితం సీళ్ళు అంటించాడు. తరవాత అందరినీ నిలబెట్టి క్లాసు పీకాడు.

"విరామం అంటే విరామమేనండి. కదిలించకపోతే చాలనుకుంటారు చాలామంది. అసలు వాడకూడదు. అందులో కూర్చున్నా వాడినట్టే."

"ఆనుకుంటేనో?" అన్నాడు మేనమామ.

"ఎంతసేపు ఆనుకుంటారనేదాన్ని బట్టి ఉంటుంది" అన్నాడు తనిఖీదారు, నవ్వకుండా.

అతను చెప్పాపెట్టకుండా వచ్చేవాడు. ఒకసారి మేనమామ సైడు అద్దంలో మీసం దువ్వుకుంటూ పట్టుబడ్డాడు. అద్దం బండిలో భాగం కాబట్టి అదీ వాడకమేనని తేల్చాడు తనిఖీదారు. ఆ రోజునుంచి రెండు అద్దాలకీ పాత మేజోళ్ళు తొడిగారు. ఇంకోసారి బానెట్ మీద పిల్లి నిద్రపోతోంది. "పిల్లి మీదేనా?" అని గుచ్చిగుచ్చి అడిగాడు. కాదు, వీధి పిల్లి అన్నారు. "అయితే థర్డ్ పార్టీ" అని తృప్తిగా తల ఊపి, పిల్లి లేచేదాకా నిలబడి మరీ వెళ్ళాడు. అమ్మ ఆ కారు నీడలో నిలబడి కూరగాయలు బేరం చేసే అలవాటు మానుకుని ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని బేరమాడింది.

వీటన్నిటికీ కట్టుడుపళ్ళాయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఇంట్లో పెరిగిపోతున్న మర్యాద.

పోట్లాడుకునే చోటు పోయింది గనక పోట్లాట కూడా పోయింది. భార్య అతనితో ఇప్పుడు పై అధికారితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. "అన్నం పెట్టమంటారా?" అంటుంది. "నీకెందుకు శ్రమ, నేను పెట్టుకుంటాను" అంటాడతను. "ఫ్యాను వెయ్యమంటారా?" అంటుంది. "నీ ఇష్టం" అంటాడు. తడి తువ్వాలు మంచం మీద పడేసినా ఆవిడ తీసి ఆరేస్తోంది తప్ప ఒక్క మాట అనడం లేదు. కావాలని రెండుసార్లు పడేసి చూశాడు. రెండుసార్లూ ఆరేసింది. అతనికి ఒళ్ళు జలదరించింది.

చివరికి అమ్మ కూడా కొడుకుని పక్కకి పిలిచింది. "ఏరా, కారులో పాటలు పాడుకోవడం మానేశారు. మీరిద్దరూ ఏమైనా పోట్లాడుకున్నారా?"

పని ఉందంటూ అతను మెట్లు దిగిపోయాడు.

ఆవిడ కారులో చెబుదామనుకున్నదేమిటి? అదే అతని బుర్ర తొలిచేస్తోంది. బీమా ఆపకముందు కొన్నాళ్ళపాటు ఆవిడ ఇంటికి ఆలస్యంగా వచ్చేది. షాపులో పని ఎక్కువుందనేది. ఒకసారి గొడుగిద్దామని వెళ్తే షాపు షట్టరు వేసి ఉంది. పెద్ద విషయం కాదులే అని అప్పుడు వదిలేశాడు. ఇప్పుడు షట్టరూ, ఆలస్యమూ, ఈ మర్యాదా పక్కపక్కన పెట్టి చూసుకుంటే గుండెల్లో రాయి పడింది. విడిచి వెళ్ళిపోయే మనిషే ఇంత మర్యాదగా ఉంటుందని అతనికి నమ్మకం కుదిరిపోయింది. ఆ వారం చేసిన పళ్ళసెట్లో కింది వరస పైకీ పై వరస కిందికీ పేర్చాడు. ఇంతకుముందెప్పుడూ అలాంటి పొరపాటు చేసినవాడు కాదు.

కారు కాకపోతే ఇంకోచోట చెప్పించుకుందామని చూశాడు. కిందిగదికి తీసుకెళ్ళి తలుపేశాడు. ఆవిడ బల్ల మీద వరసగా తెరుచుకుని ఉన్న పళ్ళసెట్లని చూసి, "ఇన్ని నోళ్ళ మధ్య నేను నోరు విప్పలేనండి" అంది. ఒక ఆదివారం టాక్సీ మాట్లాడి వెనకసీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ ఇంకా గొంతు సవరించుకోకముందే డ్రైవరు రేడియో తగ్గించి, అద్దంలోంచి వెనక్కి చూసి, "పర్లేదు, చెప్పమ్మా" అన్నాడు. ఊరంతా తిరిగి నోరు విప్పకుండా ఇల్లు చేరారు.

ఇక ఉండబట్టలేక కంపెనీకి ఫోను చేశాడు.

"బీమా మళ్ళీ మొదలుపెట్టాలంటే కారణం చెప్పాలి సార్. దేనికి వాడతారు?"

"పోట్లాడుకోవడానికండి."

అవతల టకటకా టైపు చేసిన చప్పుడు వినిపించింది. "ఎవరితో సార్?"

"మా ఆవిడతో."

"ఇంట్లోవాళ్ళతోనే అయితే సొంత అవసరం కిందికి వస్తుంది సార్. బయటివాళ్ళతో అయితే రేటు వేరు" అంది ఆ అమ్మాయి. ఇంకో మాట కూడా చెప్పింది. తనిఖీదారు వచ్చి సీలు తీస్తాడు, బండి వాడకంలోకి రావడం ఆయన కళ్ళారా చూడాలి. చూడకపోతే విరామం ఇంకో ఏడాది పొడిగిస్తారు. ఇంకో ఏడాది ఈ మర్యాద భరించడం తన వల్ల కాదని కట్టుడుపళ్ళాయనకి తెలుసు.

తనిఖీదారు వచ్చాడు. సీళ్ళు ఊడదీసి, మేజోళ్ళు తీసి అమ్మకిచ్చి, వెనకసీట్లో మధ్యగా కూర్చుని ఒళ్ళో కాగితాలు పెట్టుకున్నాడు. "నేనున్నానని అనుకోకండి" అన్నాడు.

భార్య బ్యాగు భుజాన వేసుకుని కిందికి దిగింది. కట్టుడుపళ్ళాయన అలవాటుగా స్టీరింగు వైపు తలుపు తెరిచాడు. ఆవిడ అతని చేతిలో తాళం తీసుకుని, "మీరు అటుపక్క కూర్చోండి" అని తనే స్టీరింగు ముందు కూర్చుంది. ఇదేం వింతో అతనికి అర్థం కాలేదు. అయినా చుట్టూ తిరిగి వెళ్ళి అటువైపు ఎక్కాడు. తలుపు పడింది.

ఆవిడ తాళం తిప్పింది. టిక్కుమంది. మళ్ళీ తిప్పింది. టిక్కనైనా అనలేదు. ఇన్నాళ్ళ విశ్రాంతికి బ్యాటరీ చచ్చి ఊరుకుంది.

"వాడకంలోకి రావట్లేదు" అని తనిఖీదారు పెన్ను తీశాడు.

"లే, నేను చూస్తాను" అన్నాడు కట్టుడుపళ్ళాయన కంగారుగా. "అసలు నీకు డ్రైవింగ్ వచ్చనా అక్కడ కూర్చున్నావ్?"

ఆవిడ బ్యాగులోంచి ఒక కార్డు తీసి డాష్‌బోర్డు మీద టపీమని కొట్టింది. దాని మీద ఆవిడ ఫొటో ఉంది, అందరి లైసెన్సుల మీదా ఉన్నట్టే దొంగమొహంతో.

"వచ్చు. నీకంటే బాగా వచ్చు. సాయంత్రాలు షాపు తొందరగా మూసి, ఆ డ్రైవింగ్ స్కూలువాడి డొక్కు బండి మీద క్లచ్ తొక్కీతొక్కీ మోకాలు వాచిపోయింది. ఇది చేతికొచ్చిన రోజు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. తాళం తీసి గుమ్మంలో నిలబడ్డాను. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరవతలదాకా తీసుకెళ్దామనుకున్నాను. నువ్వేమన్నావ్?"

అతను కార్డు చేతిలోకి తీసుకుని దాని మీది తేదీ చూశాడు.

"ఇంకెవరైనా ఉన్నారా అంటే ఎవరూ లేరన్నావ్. ఆ ఎవరూ కానిదాన్ని నేనేగా."

సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. దాని వెనకాలే, ఆపుకుందామన్నా ఆగని సంతోషం తన్నుకొచ్చింది. ఆవిడ వెళ్ళిపోవడం లేదు. నువ్వు అంటోంది. ఒకటికి పదిసార్లు అంటోంది.

"నువ్వు నన్ను వదిలేసి వెళ్ళిపోతావేమో అనుకున్నాను" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఏమో మరి."

"బీమా ఆపేసిన కారేసుకుని ఎక్కడికెళ్తాను? బుద్ధుందా నీకు?"

"మరి ఇంట్లోనే చెప్పి చావొచ్చుగా. ఇన్నాళ్ళూ మీరూ గీరూ అంటూ నా ప్రాణం తీశావ్."

"చెబితే? మీ మావయ్య టీ తాగుతూ తీర్పు చెప్పడానికా? ఆ తడి తువ్వాలు మంచం మీద పడేస్తావే, నేనేం గుడ్డిదాన్నా?"

"కావాలనే పడేశాను. తిడతావేమోనని."

"తిట్టించుకోవడానికి తువ్వాలు కావాలా నీకు?"

అక్కణ్ణించి ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి అందుకున్నారు. తువ్వాలునుంచి టాక్సీకి, టాక్సీనుంచి గొడుక్కి, గొడుగునుంచి పెళ్ళిచూపులదాకా వెళ్ళారు. అద్దాలకి ఆవిరి పట్టింది. కారు ఉన్నచోటే ఉండి మెల్లగా ఊగుతోంది, సుద్దగీతలు మాత్రం దాటలేదు. పైన కిటికీ దగ్గర అమ్మ తన అన్నయ్యని రెక్క పట్టుకుని లాక్కొచ్చి, కిందికి చూపిస్తూ కళ్ళు తుడుచుకుంటోంది.

వెనకసీట్లో తనిఖీదారు చాలాసేపు చూశాడు. ఆ తరవాత గొంతు సవరించుకున్నాడు.

"నా సర్వీసులో బండిని ఇంతగా వాడినవాళ్ళని చూడలేదు. వాడకంలో ఉందని రాస్తున్నాను. ఒక్క ప్రశ్న మిగిలింది" అని కట్టుడుపళ్ళాయన వైపు తిరిగాడు. "ఈ బండి మీరు కాక ఇంకెవరైనా..."

"నన్నడక్కండి. స్టీరింగు ముందున్న ఆవిణ్ణి అడగండి" అన్నాడు అతను.

తనిఖీదారు ఇటు తిరిగాడు. "అమ్మా, ఈ బండి మీరు కాక ఇంకెవరైనా వాడతారా?"

ఆవిడ రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, ఆవిరి పట్టిన అద్దంలోంచి ఎదుటి వీధిని తీరిగ్గా చూసింది. కట్టుడుపళ్ళాయన పరీక్ష ఫలితం కోసం నిలబడ్డవాడిలా ఊపిరి బిగపట్టాడు.

"ఉన్నాడండీ ఒకాయన" అంది ఆవిడ. "పక్కన కూర్చుని పోట్లాడతాడు. రాసుకోండి."