వెలిమందుర

గ్రీష్మాంతమున నొకనాటి అపరాహ్ణము. నడిమింటినుండి కొంచెమే వాలిన చండభానుని కిరణములకు గుమ్మడిదుర్గపు కోటగోడల నల్లరాళ్లు కాగిన పెనములవలె కనలుచుండెను. వడగాడ్పుల నెగయు ధూళి పడమటి దిక్కునెల్ల కపిలవర్ణము గావించుచుండ నీడ వెదకిన కాకులు సైతము నోళ్లు తెఱచుకొని బురుజుల సందుల నొదిగియుండెను. ప్రతిదినము ఆ వేళకు హేషారవములతోడను నీళ్లతొట్ల చప్పుళ్లతోడను మాఱుమ్రోగు రాజమందుర యానాడు నోరు కట్టినట్లు మిన్నకుండెను. అందలి మూడువందల గుఱ్ఱములలో పదునొకండింటికి జ్వరము తగిలెను. వాని ముక్కులవెంట చీమిడి కాఱుచుండెను. దవడల క్రింద గడ్డలు లేచియుండెను.

ఆ దుర్గమున అశ్వసేవయే జీవనముగా గల కుటుంబములు రెండువందలు కలవు. గుఱ్ఱములకు నడక నేర్పు సాహిణులును గడ్డి కోయువారును లాడములు కొట్టు కమ్మరులును జీనులు కుట్టువారును నొక్క వాడయందే వసింతురు. పెండ్లియైన దంపతులు ఇంటి గడప తొక్కకమున్నే మందురకు వచ్చి గుఱ్ఱముల గిట్టలకు పసుపు పూయుట వారి యాచారము. అట్టివారందఱు నేడు లాయము ముంగిట గుమిగూడి నిలిచియుండిరి. వారి పెద్దయైన బొల్లన సాహిణి డెబ్బది యేండ్ల వృద్ధుడు. అతడు కోట సేనాపతి దళవాయి ఎఱపోతానాయకుని యెదుట చేతులు జోడించి యిట్లు పలికెను.

"ఏలికా! ఇది ముక్కుపుండ్ల మారి. ప్రొద్దు గ్రుంకకమున్నే యీ పదునొకండింటిని చంపించి దహింపజేయుడు. లేనిచో తక్కిన వానితోపాటు మనుష్యులును మిగులరు."

స్త్రీలు గొల్లుమనిరి. గుఱ్ఱములను కన్నబిడ్డలవలె పెంచిన వృద్ధుడే యిట్లు పలుకుటకు కారణము వా రెఱుగుదురు. నలువది యేండ్ల క్రిందట వేఱొక కోటలో కొలువున్న కాలమున బొల్లన తాను మక్కువతో పెంచిన యొక తేజికి ఆ తెగులు సోకగా ఎవరికిని చెప్పక గడ్డివాము వెనుక దాచెను. నెల తిరుగక తొంబది గుఱ్ఱములును అతని తోడబుట్టినవాడును మడిసిరి.

అంతట జనమధ్యమునుండి బొల్లన కూతురు రేచమ ముందునకు వచ్చెను. ఆమె చిన్నవయసున భర్తను కోల్పోయి తండ్రికడ చేరి పదునేనేండ్లుగా అశ్వచికిత్స నభ్యసించిన ధీర.

"ఏలికా! గొంతుగడ్డయను సామాన్యరోగమును మొదట నిట్లే యుండును. గొంతుగడ్డయైనచో వాపు పండి పగులును. చీము పోయిన పిదప గుఱ్ఱము కోలుకొనును. మారియైనచో గడ్డ ఱాయివలె గట్టిగానుండి ముక్కు లోపల పుండ్లు లేచును. పదునొకండింటి ముక్కులును చూచితిని. ఒక్క పుండైనను లేదు. నాకు ఏడుదినములు గడువిండు."

"నీ మాట తప్పైనచో?" అని దళవాయి గద్దించెను. "సరిహద్దున పగవారి దండు విడిసియున్నది. గుఱ్ఱములు లేని కోట నెట్లు కాతును?"

"కోట వెలుపల పాడువడిన మందుర కలదు. వీనిని అచ్చటికి తోలుకొనిపోయి వీనితోడనే యుందును. తప్పైనచో మారి ముందుగా నన్నే పట్టును."

బొల్లన "అమ్మా! ఆనాడు నేనును నీవలెనే నమ్మితిని" అనెను.

"మీరు దాచితిరి నాయనా! నేను దాచను."

దళవాయి తుదకు గడువిచ్చెను. కాని వెలిమందుర చుట్టును సున్నపుగీత గీయింపవలెననియు గీత దాటి వచ్చు దేనినైనను విలుకాండ్రు కొట్టవలెననియు ఒక్క గుఱ్ఱపు ముక్కున పుండు కనబడినను పదునొకండింటిని చంపి యా మందురతో కాల్పవలెననియు శాసించెను. లాడములు కొట్టు గుండోజు భార్యాపుత్రులు లేని యేకాకి. "నాకై యేడ్చువారు లేరు. ఈ పనికి నేనే తగుదును" అని రేచమ వెంట నడచెను.

వాడవారు దినదినము గీతయొద్ద పచ్చగడ్డియు ఉలవగుగ్గిళ్లును ఉంచి వెనుదిరుగుచుండిరి. లోపల వారిరువురు వేడినీట తడిపిన గుడ్డలతో గడ్డలకు కాపడము పెట్టుచు తొట్లను వేర్వేఱుగా కడుగుచు క్షణము విశ్రమింపరైరి. రెండు దినములు గడచినను ఒక్క గడ్డయు మెత్తపడలేదు. రేచమ పైకి ధైర్యము చూపుచున్నను రాత్రులందు సైతము దివిటీ పట్టి గడ్డలను మాటిమాటికి తడవి చూచుచుండెను. మూడవనాటి ప్రాతఃకాలమున నొక ముసలి గుఱ్ఱపు దవడ క్రిందిగడ్డ పగిలి చిక్కని చీము కాఱెను. సాయంకాలమునకు అది మేత ముట్టెను. ఐదవనాటికి పదింటి గడ్డలు పగిలి జ్వరములు దిగెను. గీత కావల నిలిచిన జనము సంతోషమున తప్పెటలు మ్రోగించిరి.

ఆఱవనాటి మధ్యాహ్నము రేచమ మంజరియను తెల్లని ఆడుగుఱ్ఱమును ఎండలోనికి నడిపించి దాని ముక్కుపుటము విప్పి చూచెను. ఈనినపుడే తల్లి చావగా మేకపాలు పట్టి యామె స్వహస్తములతో బ్రతికించిన గుఱ్ఱమది. గడచిన జాతరలో పరదేశి వర్తకుని గుఱ్ఱము ప్రక్కన దానిని కట్టిరి; తెగులు అచ్చటనే సోకియుండును. దాని గడ్డ మాత్రము పండలేదు. ఇప్పుడు ముక్కు లోపలి యెఱ్ఱని పొరపై కందిగింజంత పుండు అంచులు తెగి యుండెను.

గుండోజు చూచి యంతయు గ్రహించి చెవియొద్ద మెల్లగా పలికెను.

"అమ్మా! ఎవరు చూచిరి? దీనిని ఇచ్చటనే పూడ్చి జ్వరమున చచ్చెనందము. చెప్పితివా పదియు నగ్నిపాలగును. బ్రతుక వచ్చిన పదింటిని నీ నోటనే చంపుదువా?"

రేచమ మంజరి మెడపై నుదురు మోపి నిలిచెను. అది యెప్పటివలె ఆమె భుజమును నాలుకతో తాకబోగా రేచమ వెనుకకు తొలగెను. తొలగినపుడు ఆమె కన్నులు నిండెను.

"గుండోజూ! గుఱ్ఱమును పూడ్చవచ్చును. దీని చీమిడి పడిన చోట్లన్నియు ఎవరికి చెప్పక ఎట్లు కాల్తుము? నాయన దాచినదియు నొక్క గుఱ్ఱమే."

ఆమె గీతయొద్దకు పోయి యుచ్చైస్స్వరమున దళవాయిని పిలిపింపుమనెను. అతడు వచ్చి విని ముఖము ముడిచి "మాట మాటయే. పదునొకండును కాలవలసినదే" అనెను. విలుకాండ్రు నారి సవరించిరి.

అప్పుడు బొల్లన కఱ్ఱ పాఱవైచి సున్నపుగీత దాటెను. వారింపబోయిన విలుకాండ్రను దళవాయి చేసన్నతో ఆపెను. వృద్ధుడు పది గుఱ్ఱములను ఒక్కటొక్కటిగ ఎండకు త్రిప్పి ముక్కులు విప్పి చూచెను. మానిన గడ్డలను తడవి చూచెను. పిదప మంజరినిగూడ చూచి తల వాల్చెను.

"ఏలికా! ఇది మారియే. తక్కినవి పదియు గొంతుగడ్డవి. ఇంకను మూడువారములు మేము మువ్వురము వీనితో నిచ్చటనే యుందుము. వేఱొక పుండు లేచినచో మమ్మును కలిపి కాల్పుడు. నేను దాచినవాడను కనుక నన్ను నమ్మకుడు. తాను పెంచినదాని పుండును తానే చూపిన నా కూతును నమ్ముడు."

దళవాయి "ఒక్కటే కాలవలసినది" అని మాత్రము పలికి వెనుదిరిగెను.

మంజరిని మందుర వెనుకకు నడిపించినది రేచమయే. బాణము తగులువఱకు పగ్గము విడువలేదు. అది పడిన పిదప కట్టెలు పేర్చినది గుండోజు. నిప్పంటించినది బొల్లన.

ఇరువదియొక దినములు గడచెను. వేఱొక పుండు లేవలేదు. మువ్వురిలో నెవరికిని జ్వరము సోకలేదు. తొలకరి చినుకులు నేల తడిపిన యుదయమున పది గుఱ్ఱములు కోటవాకిలి దాటి వచ్చుచుండ రెండువందల కుటుంబములవారు త్రోవకిరువైపుల చేతులు జోడించి నిలిచిరి. బొల్లన వేపాకు కాచిన నీళ్లు తెప్పించి యెల్లరు చూచుచుండ కూతుచేతులు మోచేతులవఱకు తానే కడిగెను. ప్రేమ గ్రుడ్డిదని లోకము వాడుక. గుమ్మడిదుర్గపు లాయమువారు మాత్రము ఆ మాట నొప్పుకొనరు. కన్నులు మూసికొనిన ప్రేమ తొంబదింటిని చంపెననియు కన్నులు తెఱచిన ప్రేమ యొకదానిని వదలుకొని తక్కినవానిని కాచెననియు వారు బిడ్డలకు చెప్పుదురు.