విల్మా గిన్నెలో మీగడ

అలిక్ పీరీ ముప్పైఒక్క ఏళ్లు చేపల పడవ మీద వంట చేశాడు. ఎనిమిదిమంది మనుషులు, ఊగే పొయ్యి, ఒకే ఒక్క పెద్ద కుండ. సముద్రం ఎంత పొంగినా ఆ కుండలోంచి చుక్క ఒలకనిచ్చేవాడు కాదు. ఉప్పు చేత్తో, వెన్న కంటితో కొలిచేవాడు. అరవైరెండో ఏట మోకాళ్లు మొరాయించి ఒడ్డెక్కాక, పోర్ట్‌నాకీలోని సొంతింట్లో వంటగది తన చేతిలోకి తీసుకున్నాడు. భార్య విల్మా ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. బకీ ఊళ్లో చేపల షెడ్డులో ముప్పై ఏళ్లు హాడక్ చేపలు కోసిన మనిషి ఆమె. ఇంటికొచ్చి మళ్లీ కత్తి పట్టాలంటే ఒళ్లు మండేది.

"మొగుడొస్తాడనుకున్నాను, వంటవాడొచ్చాడు. నష్టమేం లేదులే," అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. ఆ నవ్వు రేవుదాకా వినపడేది. మనిషి కూడా నవ్వుకు తగ్గట్టే నిండుగా ఉండేది. వాళ్లకు పిల్లలు లేరు. శుక్రవారం వస్తే మాత్రం ఆ ఇంట్లో స్కింక్ ఉండాల్సిందే. పక్క ఊరు కలెన్ పేరు పెట్టుకున్న సూప్ అయినా, కలెన్ వాళ్లకు అది చేతకాదని అలిక్ గట్టి నమ్మకం.

ఆ సెప్టెంబరులో విల్మా రక్తంలో చక్కెర పెరిగిందని ఆరోగ్యకేంద్రంలో నర్సు లోర్నా ఇద్దర్నీ పిలిపించింది. లోర్నా వేరెవరో కాదు, పడవ మీద అలిక్‌తో పనిచేసిన వాడి కూతురు. విల్మాను కాటా ఎక్కించింది. తొంభైనాలుగు కిలోలు.

"ఇంట్లో వంటెవరిది పిన్నీ?"

"ఇదిగో, ఈ మహానుభావుడిది. కేసు పెడితే ఈయన మీదే పెట్టు."

"స్కింక్‌లో ఏమేం వేస్తావు బాబాయ్?"

అలిక్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఆ మాట పడవ మీద ఎవడైనా అడిగితే గరిటె చూపించేవాడు. "పొగబెట్టిన హాడక్. రంగు వెయ్యనిది. బంగాళాదుంపలు, ఉల్లిపాయ, పాలు."

"వెన్న?"

"వెయ్యకుండా ఎలాగ?"

"ఎంత?"

అతను బొటనవేలు, చూపుడువేలు ఎడం చేసి చూపించాడు. ఎడం కాస్త పెద్దదే.

"మీగడ?"

"దించే ముందు. మీ పిన్ని చాలు అనేదాకా."

"ఆవిడ అంటుందా?"

"ఇంతవరకూ అనలేదు."

లోర్నా నవ్వు ఆపుకుంటూ లెక్క కట్టింది. "ఆరువందల తొంభై కేలరీలు."

"కుండకా?"

"గిన్నెకి బాబాయ్. రొట్టె కాకుండా."

"రెండో గిన్నె సంగతి దీనికి చెప్పకు," అని విల్మా అతని చెవిలో అనబోయి పైకే అనేసింది.

ఆ సాయంత్రమే అలిక్ వంటింటి కాటా, ఒక నోటుపుస్తకం కొనుక్కొచ్చాడు. పని అప్పజెప్పితే పూర్తిచేసే మనిషి అతను. మీగడ మానేశాడు. వెన్న తీసిన పాలు పోశాడు. దుంపలు సగం తగ్గించి కాలీఫ్లవర్ ఉడకబెట్టి మెదిపి కలిపాడు. గిన్నెకు రెండువందల అరవై కేలరీలు వచ్చాయి. పిండిమరలో పనివాడిలా గ్రాములు రాసుకుంటూ, కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని, గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

విల్మా ఒక చెంచా తాగి గిన్నెలోకి తొంగి చూసింది. "చేప ఈ నీళ్లలో స్నానం చేసి వెళ్లిపోయిందా ఏంటి?"

"తిను. నువ్వు చస్తే నాకు కబుర్లు చెప్పేవాళ్లుండరు."

"ఇది తింటే చావు త్వరగా వస్తుందయ్యా, మీగడ మీద బెంగతో."

అన్నదే గానీ తిన్నది. వారానికి అరకిలో తగ్గితే చాలని లోర్నా చెప్పింది. అలిక్ పుస్తకంలో రెండు వరుసలు గీశాడు. ఒకదాన్లో తగ్గాల్సిన బరువు, పక్కదాన్లో నిజంగా ఉన్న బరువు. క్రిస్మస్‌కి ఎనభైఏడు. జనవరిలో ఒక వారం ఏకంగా రెండు కిలోలు తగ్గింది. అలిక్ ఆ అంకె కింద రెండు గీతలు పెట్టాడు.

ఊరి హాల్లో మంగళవారాలు బరువు తగ్గేవాళ్ల సమావేశం జరిగేది. డోరీన్ అనే ఆవిడ నడిపేది. ఫిబ్రవరిలో డెబ్బైతొమ్మిదికి దిగిన విల్మాకు మొదటి బహుమతిగా పళ్లబుట్ట ఇచ్చారు. "అసలు బహుమతి ఈయనకివ్వాలి," అంటూ డోరీన్ అలిక్‌ని కూడా లేపి నిలబెట్టింది. ఇరవైమంది ఆడవాళ్ల ముందు, ఎండకు తోలుబారిన మొహం ఎర్రబడుతుంటే, అతను తన స్కింక్ ఎలా మారిందో గ్రాములతో సహా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. విల్మా కుర్చీలో కూర్చునే కొట్టింది. నడుం నొప్పిగా ఉందని ఆ మధ్య ఎక్కువసేపు నిలబడేది కాదు.

గిన్నెలో సగం వదిలేస్తోంది. ఆకలి అదుపులోకొచ్చిందనుకున్నాడు. మధ్యాహ్నాలు పడుకుంటోంది. చలికాలం కదా అనుకున్నాడు. ఆమె నవ్వు ఎప్పుడు తగ్గిందో మాత్రం అతని పుస్తకంలో ఎక్కడా లేదు.

మార్చిలో ఆమె పుట్టినరోజు ముందు రోజు, పొయ్యి దగ్గరున్న అతని భుజం మీద గడ్డం ఆనించింది. "రేపొక్క రోజు అసలు స్కింక్ పెట్టవా? పాత పద్ధతిలో. నోటికి ఏదీ సయించట్లేదు."

"పెడతాను పిల్లా."

మీగడ కొన్నాడు కూడా. తీరా కుండ దించే ముందు ఆ డబ్బా చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఈస్టర్‌కల్లా డెబ్బైకి రావాలి. ఇంకా మూడున్నర కిలోలు తగ్గాలి. డబ్బాను ఫ్రిజ్‌లో వెనక్కి తోసి, చిక్కబడేందుకు మొక్కజొన్నపిండి కలిపి, కనపడేలా పైన చిటికెడు వెన్న వేశాడు.

"మీగడ వేశావా?"

"దండిగా."

ఆమె ఆరు చెంచాలు తిని, "బాగుంది," అని గిన్నె పక్కకు జరిపింది.

ఏప్రిల్ రెండో వారంలో పీటర్‌హెడ్ నుంచి విల్మా అక్క జార్జినా వచ్చింది. ఆరు నెలలైంది ఆమె చెల్లెల్ని చూసి. తలుపు తీసిన విల్మాను చూసి ఆమె ముందు కౌగలించుకోలేదు. చెయ్యి పట్టుకుని వాకిట్లో వెలుగులోకి లాగింది.

"నీ కళ్లేంటే ఇలా పచ్చగా ఉన్నాయి?"

"ఎవరివి? నావా?"

"అలిక్! ఇలా రా. నువ్వు రోజూ ఏం చూస్తున్నావు?"

అలిక్ వచ్చి చూశాడు. ఉన్నాయి. పసుపు కలిపినట్టున్నాయి. తను రోజూ చూస్తున్నది కాటా ముల్లునని అప్పుడు తెలిసింది.

తర్వాతవన్నీ చకచకా జరిగిపోయాయి. రక్తపరీక్షలు, స్కాన్, ఆసుపత్రిలో ఒక చిన్న గది. నెమ్మదిగా మాట్లాడే డాక్టరు. "బరువు ఎప్పటినుంచి తగ్గుతున్నారు?" అని ఆయన అడిగితే, అలిక్ కోటు జేబులోంచి పుస్తకం తీసి ఇచ్చాడు.

"అన్నీ రాశాను డాక్టరుగారూ. తేదీలతో సహా."

డాక్టరు పేజీలు తిప్పుతూ జనవరి దగ్గర ఆగాడు. "ఈ రెండు వరుసలేంటి?"

"ఇది తగ్గాల్సిన బరువు. అది నిజంగా తగ్గినది."

"తేడా ఉంది."

"ఉందండి. లెక్కకంటే ఎక్కువే తగ్గింది," అన్నాడు అలిక్. అంటుండగానే తన గొంతులోని గర్వం తనకే వినపడింది.

విల్మా చెయ్యి చాచి అతని మోకాలి మీద వేసింది. డాక్టరు పుస్తకం మూసి, క్లోమంలో గడ్డ ఉందని, అది కాలేయానికి పాకిందని, కోసి తీసే దశ దాటిపోయిందని చెప్పాడు. ఆమె వింది. "చలికాలం చూస్తానా?" అని అడిగింది. ఆయన లేదనలేదు, అవుననలేదు.

బయట వరండాలో జార్జినా కాచుకుని ఉంది. "తిండి మాడ్చి, తగ్గిందీ తగ్గిందీ అని పుస్తకాలు రాసుకుంటూ కూర్చున్నావు. నీ పక్కలో పడుకునే మనిషిరా అది!"

"వదినా…"

"వదినా లేదు ఏమీ లేదు. అది కరిగిపోతుంటే నువ్వు చప్పట్లు కొట్టించావు."



మే నెలలో కర్స్టీ అనే ఆహార నిపుణురాలు ఇంటికి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. "ఇకనుంచి లెక్క తిరగెయ్యాలి అలిక్ గారూ," అంది. "ఎంత చిక్కగా చెయ్యగలిగితే అంత. వెన్న, మీగడ, పాలపొడి, చీజు. ఆవిడ తినేది కొంచెమే కాబట్టి ఆ కొంచెంలోనే వీలైనన్ని కేలరీలు పట్టించాలి."

ఆ పిల్ల వెళ్లాక అలిక్ చొక్కా చేతులు మడిచాడు. మంచి హాడక్ కోసం బకీ వెళ్లి పొగగది దగ్గరే నిలబడి ఏరుకొచ్చాడు. చిక్కటి పాలల్లో పాలపొడి కలిపాడు. వేళ్ల ఎడం ఈసారి పెద్దది చేసి వెన్న కోశాడు. మీగడ డబ్బా మొత్తం వంచేశాడు. చిన్న టీ కప్పులో నాలుగువందల కేలరీలు పట్టించి, పళ్లెంలో పెట్టి, మంచం దగ్గరికి పట్టుకెళ్లాడు.

విల్మా వాసన చూసి నవ్వింది. "అబ్బ! వచ్చావా, మహానుభావా." మూడు చెంచాలు తిన్నది. నాలుగోది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కాసేపటికి ఆ మూడూ తిరిగి వచ్చేశాయి. అతను దుప్పటి మార్చాడు.

మర్నాడు మళ్లీ చేశాడు. ఆ మర్నాడూ చేశాడు. దుంపల్ని మెత్తగా రుబ్బాడు, ఉల్లిపాయ తీసేశాడు, చల్లార్చి ఇచ్చాడు, గోరువెచ్చగా ఇచ్చాడు. ఇంకొక్క చెంచా, నా కోసం ఒక్కటి, అని బతిమాలాడు. ఒక రోజు చెంచా ఆమె పెదవులకు ఆనించి అలాగే పట్టుకున్నాడు.

"చాలు అలిక్," అంది ఆమె. "ఆర్నెల్లు తిననివ్వలేదు. ఇప్పుడు ఆగనివ్వట్లేదు."

చెంచా వెనక్కి తియ్యబోతే సూప్ దుప్పటి మీద పడింది. మంచం పక్కనే నేల మీద కూలబడి, పరుపు అంచుకు తల ఆనించి, చెప్పేశాడు. "నీ పుట్టినరోజుకి మీగడ వెయ్యలేదు విల్మా. వేశానని అబద్ధం చెప్పాను. కొని కూడా వెయ్యలేదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నలభైమూడేళ్లుగా నీతో కాపురం చేస్తున్నానయ్యా. మొక్కజొన్నపిండికీ మీగడకీ తేడా నా నాలుకకి తెలీదా?"

"మరి బాగుందన్నావు?"

"నువ్వు అలా నిలబడి చూస్తున్నావు కదా," అంది విల్మా. ఊపిరి తీసుకుని, మళ్లీ చెప్పింది. "నాకూ అనుమానం ఉండేది, నడుం నొప్పి అప్పటినుంచి. కానీ ఆ హాల్లో నువ్వు లేచి నిలబడి చెప్తుంటే, నీ మొహం చూసి… పెళ్లినాడు కూడా నువ్వంత మురిసిపోలేదు. పాడుచెయ్యబుద్ధి కాలేదు."

అలిక్ పరుపులో మొహం దాచుకుని పెద్దగా ఏడ్చాడు. పడవ మీద ఇద్దరు మనుషులు పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. ఆమె అతని తల నిమరాలనుకుంది గానీ, చెయ్యి అంతదూరం రాలేదు. వేళ్లు చెవి మీద ఆగాయి.

ఆ తర్వాత అతను బతిమాలడం మానేశాడు. తన గిన్నె తెచ్చుకుని ఆమె పక్కనే కూర్చుని తినేవాడు. "ఉప్పు తక్కువైంది కదూ?" అని ఆమె వాసన చూసి చెప్పేది. ఎప్పుడూ సరిగ్గానే చెప్పేది. జూన్ పద్దెనిమిదిన, ఎండ కాస్తున్న మధ్యాహ్నం, జార్జినా ఒక చెయ్యి, అలిక్ ఒక చెయ్యి పట్టుకుని ఉండగా పోయింది. చివరిసారి ఎంత బరువుందో ఎవరూ చూడలేదు.

జూలైలో ఒకరోజు అంగడి బయట లోర్నా ఎదురైంది. ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన ప్రశ్న అలిక్ అడిగేశాడు. "జనవరిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే?"

లోర్నా చేతిసంచీ కింద పెట్టింది. "తెలీదు బాబాయ్. ముందే దొరికినా ఆ జబ్బు చాలామందిని వదలదు. తెలీదు." కళ్లు తుడుచుకుంది. "జనవరిలో పిన్ని నా కాటా మీదే నిలబడింది. శభాష్ అన్నాను నేను."

అతను ఆమె సంచీ పైకెత్తి చేతికిచ్చాడు.

ఆగస్టులో జార్జినా వచ్చింది, చెల్లెలి బట్టలు సర్దడానికి. ఆసుపత్రి వరండాలో అన్న మాటల ఊసు ఇద్దరూ ఎత్తలేదు. బీరువా తెరిచి ఆమె బట్టలన్నీ మంచం మీద రెండు గుట్టలుగా పోసింది. ఒకవైపు విల్మా పాత గౌన్లు, పెద్ద పెద్ద స్వెట్టర్లు. ఇంకోవైపు చలికాలంలో బరువు తగ్గాక ఎల్గిన్ వెళ్లి ముచ్చటపడి కొనుక్కున్న చిన్న బట్టలు. రెండిటికి ఇంకా ధర చీటీలు ఊడలేదు.

"ఈ కొత్తవి నువ్వు దాచుకో. పాతవి ఎవరికైనా ఇచ్చేస్తాను," అంది జార్జినా.

"కొత్తవి తీసుకుపో వదినా."

"ఒక్కటైనా ఉంచుకోవా?"

"అవి విల్మావి కావు," అన్నాడు అలిక్.

జార్జినా అతని వైపు చూసింది. చిన్న బట్టలన్నీ సంచుల్లో కుక్కి, కారులో పెట్టి వచ్చింది. తిరిగి వచ్చేసరికి అలిక్ ఒక నీలం స్వెట్టర్‌ని హాంగరుకి తగిలిస్తున్నాడు. దాని భుజాలు హాంగరు కంటే వెడల్పు. ఒకవైపు సర్దితే రెండోవైపు జారిపోతోంది. ఆమె వచ్చి రెండో అంచు పట్టుకుంది.