రోజు విడిచి రోజు

మిరపకాయ తొడిమ తీయడానికి చదువు అక్కర్లేదు. ఒంట్లో ఓపిక ఉందా లేదా అని అడిగేవాళ్లూ ఉండరు. మిర్చి వ్యాపారం చేసే ఇంట్లో కోడలై ఉంటే చాలు. వరంగల్‌లో రాజేశం దుకాణం ముందువైపు, ఇల్లు వెనకవైపు. మాఘం దాటిందంటే దుకాణంలో పట్టని బస్తాలన్నీ వెనక అర్రలోకి వచ్చి పడతాయి. కూలికి వచ్చిన ఆడవాళ్లకయితే కూలివ్వాలి, ఒంట్లో బాగాలేదంటే ఇంటికి పంపాలి. కోడలిని ఏ ఇంటికని పంపుతారు? పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ రాజేశం భార్య కళావతి ప్రతి ఎండాకాలం ఆ అర్రలో కూర్చుంటూనే ఉంది. ఆ ఘాటుకు ముక్కు కారడం, కళ్లు మండడం ఆమెకు అలవాటైపోయాయి.

ఆ రోజు మాత్రం తొడిమలు తోటికోడలు శకుంతలకు అప్పజెప్పి, కళావతి సుబేదారిలో డాక్టరమ్మ ఎదుట కూర్చుంది. పక్కన కూతురు అరుణ, పన్నెండేళ్లది. ఆ పిల్లకు నెల రోజులుగా ఒకటే తలనొప్పి. బడిలో ముక్కు వెంట నెత్తురు కారితే టీచరు ఇంటికి పంపేసింది. వెనక గోడకు ఆనుకుని రాజేశం నిలబడ్డాడు. కుర్చీ దొరకగానే అత్త భద్రమ్మ కూర్చుంది. డాక్టరమ్మ అరుణ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. నమ్మకం కలగక ఇంకాస్త చిన్న పట్టీ తెప్పించి మళ్లీ చూసింది.

"ఈ వయసు పిల్లకు ఇంత బీపీ ఉండకూడదు. పుట్టినప్పుడు బరువెంత?"

"ఎవలు జోకిండ్రు తల్లీ, కాన్పు ఇంట్లనే ఆయె. సన్నగుండె. ఎలుకపిల్ల లెక్క," అంది భద్రమ్మ.

డాక్టరమ్మ కళావతి వైపు తిరిగింది. "ఈ అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు మీకు జ్వరాలేమైనా వచ్చాయా? మనసుకు బాగా కష్టమైందా?"

ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు కళావతిని ఈ మాట అడగలేదు. నోరు తెరిచింది కూడా. అంతలోనే పక్క కుర్చీలోంచి జవాబు వచ్చేసింది.

"ఏ జరం రాలేదు డాక్టరమ్మా. మా ఇంట్ల కోడండ్లను కాలు కింద పెట్టనియ్యం. తిండికి తక్కువనా, బట్టకు తక్కువనా? కష్టమెందుకుంటది?"

కళావతి మొగుడి వైపు చూసింది. "అమ్మ చెప్పింది నిజమే," అన్నాడు రాజేశం. అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు అతని మొహం.

నిజమే, అతనికి తెలియదు. డెబ్బయ్యారులో, అరుణ కడుపులో అయిదో నెల పిల్లగా ఉన్నప్పుడు, కళావతికి చలిజ్వరం వచ్చింది. మిట్టమధ్యాహ్నం, బయట రోళ్లు పగిలే ఎండ, లోపల ఈమె పళ్లు టకటక కొట్టుకునేవి. ఖాళీ గోనెసంచులు మీద కప్పుకుని బస్తాల మధ్య ముడుచుకునేది. ఆ తర్వాత ఒళ్లు కాలిపోయేది. పొద్దు వాలేసరికి చెమటలు పోసి జ్వరం దిగేది. దిగితే ఏముంది, లేచి పొయ్యి ముట్టించాలి కదా. రాజేశం దుకాణం కట్టేసి వచ్చేసరికి ఈమె చెమటలు కక్కుతూ రొట్టెలు కాలుస్తూ ఉండేది. పొయ్యి సెగ అనుకునేవాడు. జ్వరం వచ్చిందని చెబితే చెయ్యి పట్టి చూసి, "సల్లగనే ఉన్నవు గదనే," అనేవాడు. మర్నాడు జ్వరం ఉండేది కాదు. ఆ మర్నాడు అదే వేళకు మళ్లీ తయారు. ఇదిగో, భద్రమ్మకు పట్టుకోడానికి ఇది చాలింది. "నిన్న లేని జరం ఇయ్యాల ఎక్కడికెళ్లి వచ్చె? రోజు విడిచి రోజు వచ్చే జరం ఉంటదా? దొంగజరం! బస్తాలు దిగంగనే నకరాలు షురువైతయి," అని వాడకట్టంతా వినేలా అనేది. రాను రాను కళావతికి జ్వరం కన్నా ఆ మాట భయమైంది. తనకే అనుమానం వచ్చేది పాపం, నిజంగా నకరాలేనా ఇవి, అని. ఆ మధ్య మలేరియా ఆయన వీధిలోకి వచ్చి ఇంటింటా వేలు పొడిచి నెత్తురు తీసుకున్నాడు. కళావతి చెయ్యి చాపబోతే భద్రమ్మ అడ్డం వచ్చింది. "వట్టి మనిషి గాదు. నెత్తురు తీస్తే లోపల పిల్ల ఎండిపోతది." వాళ్లూ వీళ్లూ ఇచ్చే చేదు మాత్రలు వేడి చేస్తాయని అవీ మింగనివ్వలేదు. పుట్టింటి నుంచి తమ్ముడు వస్తే గుమ్మంలోనే, "మంచిగున్నది, ఫికర్ చెయ్యకు," అని చెప్పి పంపింది. లోపల గోనెల కింద కళావతి ఆ మాట వింటూనే ఉంది.

అరుణ పుట్టింది. రెండు చేతులూ అక్కర్లేనంత పిల్ల. "ఇంట్ల ఇంత తిండి వెట్టుకొని పిల్లకు బలమియ్యలేకపోతివి," అన్నాడు రాజేశం. ఆ మాట ఒకసారి అని ఊరుకున్నాడు. ఆమె మాత్రం పిల్లకు దగ్గొచ్చిన ప్రతిసారీ దాన్ని తనకు తానే చెప్పుకుంది.

డాక్టరమ్మ మందులు రాస్తూ చెబుతోంది. "ఎందుకడిగానంటే, మలేరియాలాంటిది వస్తే తల్లి కడుపులో బిడ్డను అంటి ఉండే మాయలోనే గూడు కడుతుంది. బిడ్డకు అందాల్సింది అందదు. తల్లి దిగులు పెట్టుకున్నా అంతే. పుట్టబోయే ప్రాణం, బయటంతా కరువే కాబోలు అనుకుని, తన ఒంటిని ఆ కరువుకు తగ్గట్టు కట్టుకుంటుంది. తర్వాత ఎంత తిండి పెట్టినా ఆ కట్టుబడి మారదు, బీపీ, గుండె, అన్నిటి మీదా ఆ గుర్తు పడుతుంది అని ఈ మధ్య కొందరు డాక్టర్లు అంటున్నారు. ఇంకా రుజువు కాలేదు. ఆడపిల్లయితే ఆమెకు పుట్టబోయే పిల్లల వరకూ పోతుందేమో అనేవాళ్లూ ఉన్నారు."

"గుర్తు పోవాలంటే ఏం చెయ్యాలె?" అని కళావతి అడిగింది. గదిలో ఆమె మాట్లాడింది ఆ ఒక్కటే.

"పోయేదేమీ లేదమ్మా. ఉప్పు తగ్గించండి. మాత్రలు మానొద్దు. నెలనెలా తీసుకురండి."

తిరుగు ఆటోలో భద్రమ్మ గొంతు తగ్గించి అంది: "పిల్లలకు పుట్టే పిల్లలంటాంది ఆ డాక్టరు. గా మాట ఎక్కడ అనకురి, సంబంధాలు రావు." రాజేశం కళావతి వైపు తిరిగి, "మీ అమ్మకు ఉండె గదా బీపీ," అన్నాడు. మందు చీటీలో రోగం పేరు కింద కారణం రాయరు గానీ, రాసి ఉంటే అక్కడ కళావతి పుట్టింటి పేరే రాయించేవాడు. అరుణ తల్లి భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. తల నొప్పెడుతుంటే ఆ పిల్ల అలాగే చేస్తుంది, ఏడవదు. కళావతికి ఆ అయిదో నెలలోని ఒక సంగతి ఎన్నడూ లేనిది గుర్తొచ్చింది. చలి వచ్చిన పూట కడుపులో పిల్ల కదిలేది కాదు. నిద్రపోతోంది కాబోలు అనుకునేది. నిద్ర కాదు తల్లీ, నువ్వూ నాతోపాటే నోరు మూసుకుని ఓర్చుకున్నావు. నేను పైన గోనెలు కప్పుకున్నాను, నీకు కప్పేవాళ్లు కూడా లేకపోయారు. ఆటో పోతూనే ఉంది. ఇప్పుడేం చేస్తుంది? దేన్ని వెనక్కి తెస్తుంది? ఎవరితో కొట్లాడితే ఆ నెల తిరిగి వస్తుంది? ఏడుద్దామన్నా పిల్ల చూస్తుందేమోనని ఏడవలేదు.

ఇల్లు చేరేసరికి వెనక అర్రలో చప్పుడు లేదు. శకుంతల బస్తాల మధ్య ముడుచుకుని పడుకుంది. మీద గోనెసంచులు. వాటి కింద మనిషి వణుకుతోంది. శకుంతలకు అయిదో నెల. ఆమె మొగుడు, అంటే రాజేశం తమ్ముడు, సరుకు కోసం ములుగు పోయాడు.

భద్రమ్మ గుమ్మంలోనే చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "నిన్న మంచిగనే ఉండె గదనే! నేను జర గడప దాటంగనే పండుకున్నవా?"

శకుంతల లేవబోయింది. "ఏం గాలే అత్తమ్మా, జర చలి వెట్టింది. పొద్దుమూకినంక నేనే తీస్త." తర్వాత కళావతితో నెమ్మదిగా, "రేపటికి మంచిగైత అక్కా. మొన్న గూడ గట్లనే తగ్గింది," అంది.

కళావతి అరుణను చూసింది, శకుంతల పొట్టను చూసింది. తర్వాత కొంగు బిగించి శకుంతల రెక్క పట్టి లేపింది.

"నడువు, దవాఖానకు పోదాం."

"మతి పోయిందా ఏందే? సరుకు పొద్దుగాల పోవాలె," అని అత్త లేచింది. రాజేశం దుకాణంలోంచి వచ్చి, "ఇప్పుడెందుకు, రేపు చూద్దాం తియ్యి," అన్నాడు మంచిగానే.

"రేపు జరం ఉండది," అంది కళావతి. "రేపు తీస్కపోతే డాక్టరమ్మ గూడ మీలెక్కనే దొంగజరం అంటది. జరమున్న రోజే పోవాలె."

ఆమె ఇంట్లో అంత మాట అనడం అదే మొదలు. వాళ్లు తేరుకునేలోపే ఆమె శకుంతలను వీధిలోకి తెచ్చింది. వెనక నుంచి భద్రమ్మ, "మొగోడు ఇంట్ల లేంగ ఎవలనడిగి తీస్కపోతున్నవే?" అని అరుస్తూనే ఉంది. ఇద్దరూ ఆటో ఎక్కి మళ్లీ సుబేదారికే బయల్దేరారు. రాత్రికి ఇల్లు చేరాక ఏం వినాల్సి వస్తుందో కళావతికి తెలుసు. ఇంత చేసినా అరుణకు ఒరిగేదేమీ లేదనీ తెలుసు.

"జ్వరం ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది డాక్టరమ్మ.

శకుంతల కళావతి వైపు చూసింది. ఆ ఇంట్లో చిన్నవాళ్లను అడిగితే పెద్దవాళ్లే జవాబు చెబుతారు. కళావతి నాలుక చివరిదాకా వచ్చింది జవాబు. మింగేసింది.

"నన్నేం జూస్తవ్ చెల్లే? జరం నీది. నువ్వే చెప్పు."

శకుంతల ఆగి ఆగి చెప్పింది. రోజు విడిచి రోజు అనీ, చలితో మొదలవుతుందనీ, ఎవరూ నమ్మరనీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. డాక్టరమ్మ నెత్తురు పరీక్షకు రాసింది.

"వేళకు తీసుకొచ్చారు. మీకెలా అనుమానం వచ్చింది?" అంది కళావతితో.

"నాకూ గిట్లనే వచ్చె. అరుణ కడుపులున్నప్పుడు."

డాక్టరమ్మ కలం ఆపింది. "మరి పొద్దున అంతగా అడిగితే, ఏ జ్వరమూ రాలేదన్నారే!"

"అన్నది నేను గాదు డాక్టరమ్మా."