వెనక తలుపు లైటు

నేను ఒక లైటుని. పెళ్ళిపందిట్లో వెలిగే లైటు అనుకునేరు, అంత అదృష్టం నాకు రాసిపెట్టి లేదు. మూరెడు పొడవు రేకుపట్టీ, దానిమీద వరసగా తెల్లటి బుల్లి దీపాలు, పైన ప్లాస్టిక్ మూత, వెనక రెండు వైర్లు. ఇదే నా ఒళ్ళు. మా జాతిని ఎల్ఈడీ అంటారు. ప్రస్తుతం నరసాపురం రోడ్డు పక్కన ఒక పాత ఇనుము కొట్టు ముందు, వ్యాను నుంచి ఊడదీసిన డిక్కీ తలుపుకు అంటుకుని, ఆకాశంకేసి చూస్తూ పడున్నాను. వైర్లు తెగిపోయాయి. వాన పడితే మూతలోకి నీళ్ళు దిగుతాయి. పనీపాటా లేదు కాబట్టి నా కథ చెప్పుకునే తీరిక దొరికింది.

ఎక్కడో పేరు తెలియని ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను పెట్టిన అట్టపెట్టె మీద ఒక పెద్ద కారు బొమ్మ ఉండేది. దాని వెనక తలుపు పైకి లేచి ఉంటుంది. లోపల ప్రయాణం సామాన్లు, పక్కన నవ్వుతూ మొగుడూ పెళ్ళాం, వాళ్ళ మీద నా వెలుతురు. నా బతుకు అలాగే ఉంటుందనుకున్నాను. అట్టపెట్టెల మీద బొమ్మల్ని నమ్మకూడదని అప్పటికి నాకు తెలియదు.

పాలకొల్లులో ఒక కారు సామాన్ల షాపులో, సీటు కవర్లకీ సెంటు సీసాలకీ మధ్య చాలాకాలం గోడకు వేలాడాను. ఒకనాడు నలభై దాటిన సన్నటి మనిషి వచ్చి, డిక్కీ తలుపుకు బిగించే లైటు కావాలన్నాడు.

"ఏం బండి?" అని అడిగాడు షాపతను.

"ఐస్ బాక్సు తిప్పే బండండి."

షాపతని చెయ్యి కాసేపు ఆగింది. నన్ను కొక్కెం నుంచి తీసి, ఆ మనిషి చేతికి ఇవ్వకుండా బల్లమీద పెట్టి ముందుకు తోశాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఆ మనిషి పేరు కడలి భద్రం. అతని దగ్గర ఒక పాత వ్యాను, అందులో ఒక అద్దాల ఫ్రీజర్ పెట్టె ఉండేవి. ఎవరింట్లోనైనా మనిషి పోతే, దూరాన ఉన్నవాళ్ళు వచ్చేదాకా ఆ మనిషిని పడుకోబెట్టే పెట్టె అది. దాన్ని ఆ ఇంటికి చేర్చడం, అంతా అయ్యాక వెనక్కి తెచ్చుకోవడం భద్రం పని. అంతకు కొన్నాళ్ళ ముందు మబ్బుపట్టిన ఒక సాయంత్రం పెట్టె దింపుతుంటే, నలుగురు బంధువులు నాలుగు సెల్‌ఫోన్ల వెలుతురు ఒకళ్ళ కళ్ళల్లో ఒకళ్ళు కొట్టుకున్నారట. పెట్టె మూల జారి, పోయినాయన అల్లుడి కాలి మీద పడింది. ఇక చూడండి, పోయినాయన్ని వదిలేసి జనమంతా అల్లుడి చుట్టూ మూగారట. ఆ దెబ్బతో భద్రం నాకోసం వచ్చాడు.

నన్ను బిగించినవాడు మస్తాను అనే ఎలక్ట్రీషియన్. "తలుపెత్తగానే ఎలగాలా, స్విచ్చేసుకుంటావా?" అని అడిగాడు.

"రెండు చేతులా పెట్టె ఉంటది కదా మస్తానూ, ఇంక స్విచ్చెట్టా నొక్కను? ఎత్తగానే ఎలగాలి."

తలుపు లోపలివైపు, కింది అంచున రెండు చిల్లులు పొడిచి నన్ను బిగించాడు. తలుపు పైకి లేస్తే నేను అందరి తలల మీదికి వస్తాను, నా వెలుతురు వ్యాను లోపలా బయట నేల మీదా పడుతుంది. వైరును తలుపు మడతబందు పక్కనున్న రబ్బరు గొట్టంలోంచి లాగి, పైకప్పు అట్ట కింద నుంచి ముందుకి తీసుకెళ్ళి ఫ్యూజుకి కలిపాడు. తలుపు చట్రంలో ఒక బొత్తాం పెట్టాడు. తలుపు మూస్తే అది లోపలికి నొక్కుకుపోయి నేను ఆరిపోతాను.

"ఈ మడత కాడే ఎప్పటికైనా వైరు తెగుద్ది. ఎత్తినప్పుడల్లా ఒంగుద్ది కదా," అన్నాడు మస్తాను.

"తెగినప్పుడు చూద్దాంలే."

అలా నా కాపురం మొదలైంది. తలుపు లేస్తేనే నాకు లోకం. మూస్తే చీకటి, మాటలు వినబడడం తప్ప ఇంకేమీ లేదు. నేను చూసిన మనుషులందరినీ తలుపు లేచినంతసేపే చూశాను. అలా చూసినవాటిలో నూటికి తొంభై చావిళ్ళే.

చావింట్లో మనుషులు భలే ఉంటారు. పెట్టె దింపేటప్పుడు తలవైపు ఎవరు పట్టుకోవాలని అన్నదమ్ములు కీచులాడుకోవడం చూశాను. ఇంతకంటే పెద్ద పెట్టె లేదా, నలుగురిలో మాటొస్తుంది అని అడిగినవాళ్ళని చూశాను. మనసారా ఏడ్చినవాళ్ళనీ చూశాను, వాళ్ళు ఎప్పుడూ గోడవారనే ఉండేవాళ్ళు. ప్రతి ఇంట్లోనూ పోయిన మనిషి తలదగ్గర చిన్న నూనెదీపం పెట్టేవారు. దానికి గాలి తగలకుండా ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెట్టేవారు. నేను వీధంతా వెలిగించినా నా మొహం చూసినవాడు లేడు. నన్ను చూడగానే పక్కిళ్ళవాళ్ళు కిటికీ తలుపులు వేసుకునేవారు. నాకు ఆ దీపం మీద ఈర్ష్యగా ఉండేదని ఒప్పుకుంటాను.

అక్కడ ఇంకో పద్ధతి ఉంది. చావింటికి వచ్చినవాణ్ణి రమ్మనరు, వెళ్ళేవాడు వెళ్ళొస్తానని చెప్పడు. చెబితే మళ్ళీ అలాంటి పనిమీదే రావలసి వస్తుందని భయం. తల దించుకుని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవాలి. మామూలు మనుషులకి ఇది ఎప్పుడో ఒకసారి. భద్రానికి ఇదే ఉద్యోగం. ఇంటింటి నుంచీ అలా వెళ్ళీ వెళ్ళీ, సొంత ఇంటి నుంచీ అలాగే వెళ్ళడం మొదలుపెట్టాడు.

దానికి ఒప్పుకోని మనిషి ఒక్కతే, అతని భార్య వరాలు. ఆమె సముద్రం ఒడ్డు పిల్ల. వాళ్ళ నాన్న ఒకరోజు ఎవరికీ చెప్పకుండా వేటకు వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. పడవ మునగడానికీ చెప్పకపోవడానికీ సంబంధం లేదని ఎంతమంది చెప్పినా ఆమె వినలేదు. భద్రం బయల్దేరే ముందు పెట్టె సర్దుకుని డిక్కీ మూయబోతే, వచ్చి తలుపు అంచు పట్టుకునేది.

"మనిల్లేమన్నా చావిల్లా? చెప్పెల్లు."

"ఎల్లొత్తాను."

"ఆఁ, ఎల్లిరా."

అప్పుడు చెయ్యి తీసేది. రోజూ ఇదే. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె మొగుణ్ణి పట్టుబట్టి అడిగింది ఈ ఒక్క మాటే. కూరలసంచీ తీసేటప్పుడు ఇరుగుపొరుగువాళ్ళు నన్ను చూసి జడుసుకుంటారని భద్రం బొత్తాం మీద బొటనవేలు పెట్టి నన్ను వెలగనిచ్చేవాడు కాదు. ఆమెకు అలాంటి పట్టింపు లేదు. సాయంత్రాలు కరెంటు పోతే తనే వచ్చి డిక్కీ ఎత్తి, నా కింద పీట వేసుకుని తోటకూర బాగుచేసుకునేది. ఎదురింటావిడ ముక్కున వేలేసుకుంటే, "ఎలుతురికి మైలేంటి వదినా, నువ్వూ తెచ్చుకో నీ కూర," అనేది. భద్రం గుమ్మంలో కూర్చుని నవ్వేవాడు. నా అట్టపెట్టె మీది బొమ్మకు నేను దగ్గరగా వెళ్ళింది ఆ సాయంత్రాల్లోనే.

అన్నీ బాగున్నట్టే ఉండేవి. ఒక కాలవగట్టు ఊళ్ళో పేర్రాజుగారని ఒక పెద్దాయన పోయారు. మర్నాడు అంతా అయ్యాక భద్రం పెట్టె వ్యానులోకి ఎక్కించుకున్నాడు. తలుపు అంచు పట్టుకుని దించబోతుండగా, పోయినాయన భార్య సుభద్రమ్మగారు గోడ పట్టుకుని నడుచుకుంటూ వ్యాను దాకా వచ్చింది. చావింటివాళ్ళు భద్రం దగ్గరికి అలా రావడం నేను అంతకుముందు చూడలేదు.

"ఎప్పుడు తిన్నావో ఏమో. జాగర్తగా ఎల్లు నాయనా," అంది.

భద్రం చెయ్యి తలుపు మీద ఉంది. నేను వెలుగుతున్నాను. ఎదురుగా ఒక ఆడమనిషి నిలబడి జాగ్రత్తగా వెళ్ళమంటోంది. రోజూ ఇంటిదగ్గర అలవాటైన మాట అతని ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"ఎల్లొత్తానమ్మా."

వాకిట్లో జనమంతా ఇటు తిరిగారు. భద్రం నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ మాత్రం ఏమీ అనుకోకుండా తల ఊపింది.

నెల తిరక్కుండా భద్రం ఫోను మోగింది. తలుపు మూసి ఉంది, వినబడడం మాత్రం బాగానే వినబడింది. సుభద్రమ్మగారి పెద్దకొడుకు.

"మా అమ్మ పోయింది. బాక్సు తీసుకురా. నువ్వే అన్నావుగా, వస్తానని."

ఆవిడకి అప్పటికే ఎన్నాళ్ళనుంచో ఒంట్లో బాగుండటం లేదని ఊరందరికీ తెలుసు. తెలిసీ నోరు జారినవాడి మీదే వేశారు. పెట్టె దింపుతుంటే ఒక్కరూ చెయ్యి వేయలేదు. భద్రం రెండు కొసలూ తనే మోసుకుంటూ, ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఈడ్చుకుంటూ తీసుకెళ్ళాడు.

ఆ రోజునుంచి అతను నోరు కట్టేసుకున్నాడు. పొరపాటున ఇంకోచోట మళ్ళీ జారుతుందేమోనని, అసలు ఆ మాటే మరిచిపోవాలని చూశాడు. ఇంటిదగ్గర కూడా అనడం మానేశాడు.

"ఆ ఇల్లేరు, మనిల్లేరు," అంది వరాలు.

"నోటికి ఇల్లు తెలీదే."

ఆమె వాదించింది, అలిగింది, అన్నం మానేసింది. అతను వినలేదు. ఆమెకు ఏమీ కాకూడదనే అలా చేస్తున్నాడని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. తన నోట్లోంచి వచ్చిన మాట ఒక మనిషిని తీసుకుపోయిందని అతను నిజంగానే నమ్మాడు. వరాలు తన నమ్మకం తను వదల్లేదు. రోజూ వచ్చి తలుపు పట్టుకునేది. అతను ఆమె వేళ్ళు మెల్లగా విడదీసి తలుపు దించేవాడు. దించాక బయటినుంచి ఆమె గొంతు నాకు చీకట్లో వినబడేది. "ఎల్లిరా." అతను అనని మాటకి బదులు తనే చెప్పుకునేది.

ఆ పొద్దున వరాలు రావడం ఆలస్యమైంది. రెండు రోజులుగా ఆయాసంగా ఉందని, భీమవరం తీసుకెళ్ళి చూపిస్తానని భద్రం అంటుండగా విన్నాను. ఎక్కడో చావింటినుంచి ఫోనొచ్చింది, పెట్టె దింపేసి వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆమె వచ్చి తలుపు పట్టుకుంది. మొహం నిండా చెమట. ఆ చెమట ఉక్క వల్ల కాదని ఎదురుగా ఉన్న నాకే అనిపించింది, అతను ఆమె మొహంలోకి చూడకుండా తాళ్ళు బిగిస్తున్నాడు.

"ఇయ్యాల ఒక్కసారి చెప్పెల్లయ్యా."

అతను నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ఆ చేతిని కాసేపు పట్టుకుని, తలుపు దించాడు. ఆ రోజు బయటినుంచి నాకు ఏమీ వినబడలేదు.

దారిలో మళ్ళీ ఫోను మోగి, పెట్టె ఎక్కడా దింపకుండానే బండి ఎటో తిరిగింది. మధ్యాహ్నం తలుపు లేచింది. ఎత్తింది భద్రం కాదు, వీధిలో మగవాళ్ళు. ఎదురుగా ఎవరిల్లో అనుకున్నాను. గడప పక్కన నా కింద వేసుకునే పీట కనబడింది. అప్పుడు అర్థమైంది. భద్రం గుమ్మంలో నిలబడి, ఎవరింటికో వచ్చినవాడిలా, పెట్టె ఎటు పెట్టాలని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. ఎదురింటావిడ ఏడుస్తూ తలదగ్గర దీపం వెలిగించి, దానికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

అతను చెప్పనందువల్ల వరాలు పోలేదు. గుండె ఆగి పోయింది. ఆ మాట డాక్టరే అన్నాడట. భద్రం ముందు మాత్రం ఎవరూ గట్టిగా అనలేకపోయారు, అన్నా అతను వినే స్థితిలో లేడు.

మర్నాడు ఆమె తమ్ముడు వచ్చాక తీసుకెళ్ళారు. సాయంత్రానికి చుట్టాలు ఒక్కొక్కరే, పద్ధతి ప్రకారం, చెప్పకుండా వెళ్ళిపోయారు. మనిషి పడుకున్నచోట దీపం మిగిలింది. ఖాళీ అయిన పెట్టె ఇంట్లో ఉండకూడదని పక్కింటాయన ఒక చెయ్యి వేసి వ్యానులోకి ఎక్కించి, అతనూ వెళ్ళిపోయాడు. భద్రం తలుపు అంచు పట్టుకుని ఇంటికేసి తిరిగాడు. అన్ని ఇళ్ళ ముందూ నోరు కట్టుకున్న మనిషి, అందరూ వినేలా అన్నాడు.

"ఎల్లొత్తానే వరాలూ."

వీధిలో ఎవరూ కాదనలేదు. అతను తలుపు దించలేదు. బదులు వస్తేనే దించడం అలవాటు కదా, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో ఆ దీపం, బయట నేను. చీకటి పడింది. బ్యాటరీ నీరసించి నా వెలుతురు పల్చబడుతూ పల్చబడుతూ ఆరిపోయింది. అప్పుడు తలుపు దించాడు. ఆ దించడంలోనే మడత దగ్గర వైరు తెగింది, మస్తాను చెప్పిన చోటే.

భద్రం మళ్ళీ ఆ వ్యాను తీయలేదు. పెట్టె ఎవరికో ఇచ్చేశాడు. వ్యానును విడగొట్టి అమ్మారు, నేను తలుపుతోపాటు ఇక్కడికి వచ్చాను. అతను ఎక్కడున్నాడో నాకు తెలియదు.

ఈ కొట్టతను కుర్రతనం పోని మనిషి, ఎప్పుడూ తొందరే. రోజూ సాయంత్రం షట్టరు దించి, ఎదురుగా టీకొట్టు నడిపే ఆవిడకి "ఎల్లొత్తా అత్తా" అని కేకేసి బండెక్కుతాడు. ఆవిడ తల ఎత్తకుండానే "ఆఁ, ఎల్లిరా" అంటుంది. ఆ మాట ఎంత ఖరీదైనదో ఇద్దరికీ తెలియదు. ఒక్కోరోజు ఆవిడ గ్లాసులు కడుక్కుంటూ వినిపించుకోదు, బదులు చెప్పదు. అతను వెళ్ళిపోతాడు. తెల్లారి మళ్ళీ వచ్చి షట్టరు ఎత్తేదాకా నాకు గాభరాగానే ఉంటుంది.