బంద్ రోజు నడిచిన క్రషర్

హసన్‌పర్తి అవతల రాళ్ళ క్రషర్ ముందు రోడ్డును ట్యాంకర్ తడుపుతుంటే కూలికొచ్చిన సమ్మమ్మ గంప కింద పడేసి చూసింది. దుమ్ము మీద నీళ్ళు కొట్టించమని ఆమె పెనిమిటి మొగిలయ్య ఏళ్ళ తరబడి అడిగాడు. నీళ్ళు రాలేదు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి చేరాక అతన్ని పనిలోంచే తీసేశారు.

సూపర్‌వైజర్ గోపాల్ కూలీలకు మాస్కులు పంచుతూ వచ్చాడు.

"విదేశాల డాక్టర్లు వస్తాండ్రు. వాళ్ళు పోయేదాకా మిషన్ బంద్. మాస్కులు సాయంత్రం వాపస్ ఇయ్యాలె." సమ్మమ్మ దగ్గర గొంతు తగ్గించాడు. "మొగిలయ్యను లోపల్నే ఉంచి తలుపెయ్యి. దగ్గు బయటికి వినపడొద్దు."

మనిషిని అరగదీసి, ఇప్పుడు దాచిపెట్టమంటున్నాడు. సమ్మమ్మ రోడ్డు అవతలి ఇంటికి పోలేదు. షెడ్డు వెనక కూలీలను పోగేసింది. హన్మకొండలో చదువుకుంటున్న ఆమె అక్క బిడ్డ పద్మలత కూడా వచ్చింది.

"గాలి మీద, జబ్బుల మీద నాలుగైదు దేశాలు కలిసి పనిచేస్తానయి చిన్నమ్మా. ఇయ్యాల మన గాలి కొలుస్తరు."

"బంద్ పెట్టిన మిషన్ కాడ ఏం కొలుస్తరు?" అన్నాడు మోటార్ నడిపే యాకయ్య. అంతలోనే వెనక్కి తగ్గాడు. "మనం నోరు తెరిస్తే క్రషర్ మూస్తరు. మూస్తే ఏం తింటం?"

"మూయమంటలేం. దుమ్ముకు మూత పెట్టుమంటానం," అంది సమ్మమ్మ. "కూలి ఇస్తాండని పానం కూడా ఇయ్యాల్నా?"

యాకయ్యే లేచాడు.

"వాళ్ళు రాంగనే మోటార్ నేనేస్త."

"ఒక్కనివి పోకు. అందరం పోదాం."

కార్లు వచ్చాయి. ఢాకా నుంచి వచ్చిన డాక్టరమ్మ గాలి కొలిచే యంత్రం బయటికి తీసింది. ఇక్కడ దుమ్మే లేదని యజమాని చెబుతుండగా క్రషర్ గర్జించింది. తెల్లటి దుమ్ము లేచి కార్లను, కోట్లను, కొత్త మాస్కులను ముంచెత్తింది. అధికారులు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. స్విచ్ గది చుట్టూ ఆడవాళ్ళు చేతులు కలిపి నిలబడ్డారు.

"ఆపుండ్రి" అని యజమాని అరిచాడు.

"రోజూ మేం పీల్చేదే సారూ. జరసేపు మీరూ పీల్చుండ్రి," అంది సమ్మమ్మ.

డాక్టరమ్మను ఆమె తన ఇంటికి తీసుకుపోయింది. మొగిలయ్య ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. ఢాకా ఇటుక బట్టీల దగ్గర కూడా కూలీలు ఇలాగే చచ్చిపోతున్నారని హిందీలో చెప్పింది. పద్మలత తెలుగులో వినిపించింది.

"అయితే వాళ్ళకు మా సంగతి చెప్పుండ్రి. వాళ్ళు ఎట్ల కొట్లాడుతాండ్రో మాకు చెప్పుండ్రి," అంది సమ్మమ్మ. "ఉత్త రిపోర్టైతే షేటు బీరువాల పెట్టుకుంటడు."

కార్లు మలుపు తిరగగానే పోలీసులు దిగారు. అనుమతి లేకుండా యంత్రం నడిపారని సమ్మమ్మను, యాకయ్యను జీపెక్కించారు.

"రోజూ నడిపితే కూలి. ఇయ్యాల నడిపితే కేసా?" అన్నాడు యాకయ్య.

మర్నాడు పనికి పిలిచే సైరన్ మోగింది. క్రషర్‌లోకి ఒక్కరూ అడుగు పెట్టలేదు. కూలీలంతా స్టేషన్ ముందు రోడ్డు మీద కూర్చున్నారు. ఎండ ఎక్కేసరికి పక్క క్రషర్ల వాళ్ళు కూడా పని విడిచి ట్రాక్టర్లలో వచ్చి దిగుతున్నారు.

"ఇంకా ఎంతమంది ఉన్నరు?" అని ఎస్సై సమ్మమ్మను గద్దించాడు.

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

"ఎట్ల చెప్పాలె సారూ? వస్తనే ఉన్నరు."