ఇటు తిరిగి చెప్పున్రి

సిరిసిల్లలో సాంచాల కార్ఖానాలోకి అడుగుపెట్టిన మనిషికి మొదట అర్థమయ్యేది, అక్కడ నోటితో పనిలేదని. మరమగ్గాన్ని ఆ ఊళ్లో సాంచా అంటారు. వరుసగా సాంచాలు ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకని వాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు నోటివైపు వంచితే చాయ్. రెండు వేళ్లు పెదవులకు ఆనిస్తే బీడీకి బయటికి పోదామని. చెయ్యి పక్కకు కోసినట్టు లాగితే దారం తెగిందని. పెదవులు కదిలే తీరు చూసి మాట పట్టుకోవడం కూడా వాళ్లకు అలవాటే. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఆ చప్పుడులో బతికితే దానంతటదే వస్తుంది.

సామేలు ఆ కార్ఖానాలోనే సాంచాలు నడుపుతాడు. సొంత ఊరు రాయికల్ పక్కన. గుంట భూమి కూడా లేని ఇల్లు. పెళ్లయిన కొత్తలో భార్య పుష్పను వెంటబెట్టుకుని వచ్చి, కార్ఖానా వెనుక గోడను ఆనుకుని ఉన్న ఒంటి గదిలో దిగాడు. గోడకు అవతల సాంచాలు, ఇవతల ఒడిలో చాట పెట్టుకుని పుష్ప బీడీలు చుట్టడం. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ దీవెన ఆ చప్పుడులోనే పాకింది, నడిచింది, పెద్దదయింది.

సెలవు దినాల్లో మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చి దీవెన కార్ఖానా గుమ్మంలో నిలబడేది. లోపలి నుంచి సామేలు చేత్తోనే "ఏం కూర?" అని అడిగేవాడు. ఆమె వేళ్లతోనే పప్పని చూపి, మళ్లా అదే అన్నట్టు మూతి విరిచేది. సాంచాల మధ్య ఉన్న వాళ్లంతా నవ్వేవాళ్లు.

"సామేలన్నా, నీ బిడ్డ మనకన్న హుషారున్నది పో. నేను గిన్నేండ్ల సంది పనిజేస్తున్న, నాకు తెల్వని సైగలు గూడ పట్టుకుంటది" అనేవాడు, చాయ్‌కి బయటికి వచ్చినప్పుడు, పక్క సాంచాల మీద పనిచేసే మొగిలి.

సామేలుకు ఆ మాటతో కడుపు నిండేది. చదివే పెద్దలారా, ఆ మెచ్చుకోలు చాటునే ఒక పిల్ల బాధ ఏళ్ల తరబడి దాగిపోయింది. ఆ సంగతి తల్లికి తెలియదు, తండ్రికి తెలియదు. ఊహ తెలిసినప్పటి నుంచి వేరే తీరు ఎరగదు గనక పిల్లకూ తెలియదు.

బడిలో దీవెన ఇంకో మనిషి. వీధి చివర ఉన్న ప్రైవేటు బడి అది. పుస్తకం చూసి చదవమంటే చదివేది. సారు నోటితో చెప్పి రాయించే నోట్సులో మాత్రం సగం మాటలు ఎగిరిపోయేవి. పేరు పెట్టి పిలిచినా ఒక్కోసారి పలికేది కాదు. పలికితే గది అదిరేటట్టు పలికేది. తోటి పిల్లలు ఆమెకు "సాంచా" అని పేరు పెట్టారు. "ఏయ్ సాంచా, జర మెల్లగ ఆడవే" అని ఏడిపించేవాళ్లు. సార్లు ఆమెను మొద్దు అన్నారు. మొద్దుకు ముందు బెంచీ ఎందుకని వెనక్కి తోశారు. వెనక్కి పోయిన కొద్దీ మార్కులు తగ్గాయి. మార్కులు తగ్గిన కొద్దీ ఇంకా వెనక్కి పంపారు.

అంతలో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. సాంచాలు ఆగిపోయాయి. పాఠాలు ఫోన్‌లో చెబుతామన్నారు. సామేలు చేతిలో ఉన్నదంతా ఊడ్చి ఒక ఫోన్ కొన్నాడు.

లెక్కలు, సైన్సు చెప్పే స్వర్ణలత మేడం అప్పటికి కోరుట్లలో తన పుట్టింటికి చేరింది. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వెలుతురు ముఖం మీద పడేటట్టు కూర్చుని పాఠం చెప్పేది. ముఖ్యమైన ప్రతి మాటా తెర మీద రాసేది. పాఠమంతా రికార్డు చేసి గ్రూపులో పెట్టేది. దీవెన చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చి, చప్పుడు చివరికంటా పెంచి, ఆ ముఖాన్ని రెప్పవేయకుండా చూసేది. అర్థం కాని చోట ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసేది. వెనుక బెంచీ అనేది ఫోన్‌లో లేదు. అందరికీ మేడం ముఖం జానెడు దూరంలోనే ఉంది.

ఒక్కోసారి దీవెన నుంచి మెసేజ్ వచ్చేది: "మేడం, జర కిటికీ దిక్కు జరుగున్రి. మీ మొఖం కనబడ్తలేదు."

మేడం నెట్‌వర్క్ అనుకుని జరిగి కూర్చునేది.

ఆ ఏడు ఫోన్‌లో పెట్టిన పరీక్షల్లో దీవెన ముందుకొచ్చింది. సాంచా అని పిలిచిన పిల్లలే "దీవెనా, మూడో లెక్క ఎట్లనే?" అని అడగసాగారు. ఇంట్లో మాత్రం పుష్పకు అనుమానం పట్టుకుంది. సాంచాలు ఆగి వాడంతా నిశ్శబ్దంగా ఉన్నా, పిల్ల పిలిస్తే పలకడం లేదు.

"గీ ఫోన్ వచ్చి పిల్లను ఖరాబ్ చేసింది. గొంతు పోయేటట్టు పిలిచినా ఉలుకది పలుకది" అనేది పుష్ప.

వాడలో ప్రతి ఇంట్లో అదే మాట. అందుకే ఎవరూ దాన్ని వింతగా చూడలేదు.

దీవెన పదో తరగతికి వచ్చాక సాంచాలు మళ్లీ ఆడసాగాయి, బడులు తెరిచారు. ఫోన్ క్లాసులు బంద్ చేశారు. ఖర్చు తగ్గించుకోవాలని కొందరు టీచర్లను మళ్లీ పిలవలేదు. వాళ్లలో స్వర్ణలత మేడం ఒకరు. మిగిలిన వాళ్లు ముక్కు నుంచి గడ్డం దాకా మాస్కులు కట్టుకుని పాఠాలు మొదలుపెట్టారు. నెల తిరక్కుండా పెట్టిన పరీక్షలో దీవెన అన్నిట్లో ఫెయిలయింది. హెడ్మాస్టర్ మహేందర్ సారు సామేలుకు కబురు పంపాడు.

"సామేలూ, నీ బిడ్డ ఫోన్ పరీక్షల ఫస్టు. గీడ నా ముందట కూసోబెట్టి నోటితోని ప్రశ్నలు చెప్తె సున్నా. గదెట్ల?"

"నాకేం సమజైతది సార్? నేను సదువుకున్నోన్నా?"

"నేను చెప్త ఇను. గప్పుడు చూసి రాసింది. దొంగతనంగ తెచ్చిన మార్కులు అవి. నా బడి పేరు మీద పది రాస్తె నా రిజల్టు దెబ్బతింటది. టీసీ ఇస్త, తీసుకపో. కుట్టుమిషనన్న నేర్పియ్యి, బతుకుతది."

దొంగతనం అనే మాట సామేలుకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. తలవంచుకుని ఇంటికి వచ్చి, దీవెన చేతిలో ఫోన్ గుంజుకున్నాడు.

"చూసి రాసినవా?" అని గోడ అవతలి చప్పుడును మించి అరిచాడు.

"నేను చూసి రాయలే బాపూ!" ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది. "నాకు వచ్చు! అన్ని వచ్చు! బడిల ఏం చెప్తున్నరో తెలుస్తలేదు!"

"ఎట్ల తెలుస్తది? పానమంత ఫోన్ల ఉంటె?" అంది పుష్ప.

దీవెన కళ్లు తుడుచుకుని, గుమ్మంలో వాళ్లకు వీపు పెట్టి కూర్చుని, తల్లి చుట్టే బీడీల కోసం తునికాకు కత్తిరించసాగింది. అప్పుడే కరెంటు పోయింది. గోడ అవతల సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఎక్కడో కుక్క మొరగడం, వీధిలో ఎవరో దగ్గడం కూడా వినబడేంత నిశ్శబ్దం.

సామేలు కోపం కాస్త దిగింది. "దీవెనా" అన్నాడు మెల్లగా.

ఆమె తిరగలేదు.

"ఇగో, సూడు. ఫోన్ మత్తు ఇంక దిగలే" అంది పుష్ప.

"ఫోన్ నా చేతుల ఉన్నది గదనే."

ఆ మాట తన నోటి నుంచి వచ్చాకే అతనికి అనుమానం తట్టింది. మళ్లీ పిలిచాడు. ఇంకొంచెం గట్టిగా పిలిచాడు. వెనుక నిలబడి చప్పట్లు కొట్టాడు. కత్తెర ఆకు మీద అలాగే తిరుగుతోంది. సామేలు చుట్టూ తిరిగి ఆమె ఎదుటికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చప్పుడు చేయకుండా, పెదవులతోనే ఆమె పేరు పలికాడు. దీవెన అతని పెదవుల వైపు చూసింది.

"ఏంది బాపు?"

పుష్ప చాట పక్కన పెట్టింది. చిన్నప్పుడు ఒకసారి పిల్లకు వారం రోజులు వదలని జ్వరం వచ్చిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది. నిశ్శబ్దం ఉన్న ఇంట్లో పుట్టి ఉంటే, పిల్లకు చెవులు పోయిన సంగతి ఆ నెలలోనే దొరికిపోయేది. ఇక్కడ అందరూ అరుస్తారు, అందరూ చేతులతో చెబుతారు, అందరూ పెదవులు చూస్తారు. వినబడని పిల్ల వినబడే వాళ్లలో కలిసిపోయింది.

"మొద్దని అందరు అంటె నేను గూడ కొట్టిన గదయ్యా" అని పుష్ప కొంగు నోట్లో కుక్కుకుంది.

సర్కారు దవాఖానాలో పరీక్ష చేసి రెండు చెవులూ సగానికి పైగా పోయాయని చెప్పారు. చెవి మిషన్‌కు రాసిచ్చారు. అది వచ్చినా, మాట్లాడే మనిషి ముఖం కనబడాలన్నారు. ఆ సాయంత్రమే సామేలు స్వర్ణలత మేడంకు ఫోన్ చేశాడు. సంగతంతా చెప్పాడు.

"కిటికీ దిక్కు జరుగుమని ఎన్నిసార్లు అడిగింది సామేలన్నా! నేను సిగ్నల్ అనుకున్న. అసలు మనం ఎవరిని చూసినం చెప్పు. మన క్లాసులనే సంతోష్ అని ఉన్నడు గద, నత్తి. బడిల ఒక్కనాడు నోరు తెరువలే. ఫోన్ల జవాబు టైప్ చేసి అందరికన్న ముందు పెడ్తుండె. రజనికి ఒక్కసారి చెప్తె ఎక్కది. రికార్డు నాలుగుసార్లు చూసి నేర్చుకునేది. గా పిల్లలు అప్పుడే తెలివిమంతులు కాలే, ముందునుంచి ఉన్నరు. వాళ్లకు అందే తీరుల చెప్పినంక మనకు కనబడ్డరు."

"మల్ల ఇప్పుడు ఏం చెయ్యాలె మేడం?"

"టీసీ తీసుకోకు. గంతే. పొద్దుమీకి, చీకటి పడ్డంక, నేను ఫోన్ల చెప్త. బడి ఇడిపియ్యకు."

మరునాడు తండ్రీబిడ్డలు మహేందర్ సారు గదిలో నిలబడ్డారు. సారు దవాఖానా కాగితం చూసి నిట్టూర్చాడు. చెడ్డ మనిషి కాడు. పది మందికి సులువైన తీరే అందరికీ సులువనుకునే మనిషి.

"పాపం. ముందే చెప్తె బాగుండు. కరీంనగర్‌ల చెవిటి పిల్లల బడి ఉన్నది. గాడ చేర్పియ్యి."

"గా బడి మంచిదే సార్. చిన్నప్పుడే తెలిస్తె గాడికే పంపుదును. పదో తరగతి నడుమ ఎట్ల పోతది? అయినా, ముందు దొంగ అన్న మాట ఎనుకకు తీసుకోన్రి."

"నేనెట్ల నమ్మాలె?"

మాస్కు వెనుక ఆ మాట దీవెనకు అందలేదు. కానీ తండ్రి ముఖం నల్లబడటం చూసింది. ముందుకొచ్చింది.

"సార్, నన్ను అడుగున్రి! మాస్కుతోని అడుగకున్రి. నేను అవతలి రూంలకు పోత. మీరు గీ రూంల ఒక్కలే కూసోని, మాస్కు తీసి, ఫోన్ల అడుగున్రి. ఏ పుస్తకంలనుంచన్న అడుగున్రి!"

ఆమె గొంతుకు వరండాలో పోయే పిల్లలు ఆగిపోయారు. అందరి ముందూ కాదనలేక సారు సరే అన్నాడు. దీవెన తండ్రి దగ్గర ఫోన్ తీసుకుని టీచర్ల గదిలో కూర్చుంది. ఆమె పుస్తకాల సంచిని సామేలు తన చేతిలోకి తీసుకుని, బయట నిలబడ్డాడు. తెర మీద మహేందర్ సారు ముఖం వచ్చింది. ఇన్నేళ్లలో ఆ ముఖం ఆమెకు అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి.

సారు గుండె గురించి అడిగాడు. గదుల పేర్లతో సహా చెప్పింది. కటకాల గురించి అడిగాడు, చెప్పింది. ఒక లెక్క ఇచ్చాడు. పలక లేదు, కాగితం లేదు, నోటితోనే చేసి చెప్పింది. ఆ జవాబులు వినడానికి సారుకు ఫోన్ అక్కర్లేదు, గోడ దాటి వచ్చాయి. వరండాలో ఎవడో "సాంచా చెప్తున్నదిరా" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మహేందర్ సారు ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఒప్పుకుంట. చూసి రాయలే. కాని సామేలూ, నలభై మంది ఉన్న క్లాసుల ఒక్క పిల్ల కోసం రోజు గిట్ల ఎవలు చేస్తరు?"

సామేలు జీవితంలో ఎప్పుడూ పెద్దమనుషుల ఎదుట ఎక్కువ మాట్లాడిన వాడు కాదు. ఆ రోజు తల ఎత్తే మాట్లాడాడు.

"కరోనాల చేసిన్రు గద సార్. మీకు అవసరం పడ్డనాడు బడినంత ఫోన్ల పెట్టిన్రు. అప్పుడు కానిది ఏం లేకుండె. మీ అవసరం తీరంగనే బంద్ పెట్టిన్రు. నా బిడ్డ అవసరం ఇంక తీరలే. పొద్దుమీకి స్వర్ణలత మేడం ఫోన్ల చెప్తనన్నది, గది మీ బడి క్లాసే అని రాసుకోన్రి. పగటీలి చెప్పే పాఠం ఎవలన్న ఫోన్ల రికార్డు పట్టి పంపున్రి. నా బిడ్డ ముందు బెంచీల కూసుంటది. మీరు దూరంగ నిలబడి మాస్కు దించి, దాని దిక్కు చూసి చెప్పున్రి. టీసీ మాత్రం నేను తీసుకపోను. మీరు బలవంతంగ ఇస్తె కలెక్టర్ ఆఫీసు ముందట కూసుంట, పుష్ప గూడ చాట పట్టుకొని వచ్చి గాడనే బీడీలు చుడ్తది."

 సారు టీసీ రాయడానికి తీసిన కలానికి మూత పెట్టాడు.

సోమవారం దీవెన ముందు బెంచీలో కూర్చుంది. కొత్తగా వచ్చిన లెక్కల సారు మాస్కు దించుకుని, మొదటి రెండు మాటలు ఆమెను చూసి చెప్పి, అలవాటుగా బోర్డు వైపు తిరిగి మిగతా పాఠం గోడకు చెప్పసాగాడు.

"సార్! ఇటు తిరిగి చెప్పున్రి!"

గది అదిరింది. సారు చేతిలోని సుద్దముక్క జారిపడింది. వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇదివరకటి దీవెన అయితే తల దించుకునేది. ఇప్పుడు లేచి నిలబడి, ఇంకాస్త గట్టిగా అంది.

"సార్! ఇటు!"

వెనుక బెంచీలో సంతోష్ కూడా లేచాడు. నోటి మాట తొందరగా రాక, రెండు చేతులతో ఇటు తిరగమని సైగ చేశాడు. రజని లేచింది. "అవ్ సార్, బోర్డు దిక్కు చెప్తె నాకు గూడ సమజ్ కాదు. ఫోన్లయితె మేడం మా దిక్కు చూసి చెప్తుండె గద" అంది.

సారు తిరిగాడు. పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

ప్రతి పిల్లకూ చదువు అందే దారి ఒకటి ఉంటుంది. ఫోన్‌లోనో, బోర్డు మీదో, సైగలోనో దాన్ని వెతికి పట్టుకోవలసిన పని బడిది. ఆ పని బడి మరిచిన రోజున, ఇటు తిరిగి చెప్పండని గట్టిగా అడిగే హక్కు ఆ పిల్లది.