తయారుచేసినవారు

యూనివర్సిటీ స్క్రీనింగ్ ల్యాబ్‌లో నలభై రెండు వేల రసాయనాలున్నాయి. అరచేతంత ప్లేటులో మూడు వందల ఎనభై నాలుగు గుంటలు, గుంటకో రసాయనం. మందు కోసం వెతికేవాళ్లు తమ ఎంజైమ్‌ను తెచ్చి ఇస్తే రోబో చెయ్యి దాన్ని అన్ని గుంటల్లోనూ పోస్తుంది. ఏ గుంటలో ఎంజైమ్ పని ఆగిపోయిందో యంత్రం చదివి చెబుతుంది. దాన్ని హిట్ అంటారు. చాలా హిట్లు రెండో పరీక్షలోనే పోతాయి.

ఈసారి ఒకటి పోలేదు. పరీక్షకు వచ్చింది ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఒక సూక్ష్మజీవి ఎంజైమ్. మూడుసార్లు పరీక్షించారు, మోతాదు తగ్గించి చూశారు. ప్రతిసారీ ఆగింది. రోబో నడిపే అమ్మాయి ఆ రసాయనం రికార్డు తెరిచింది. ముప్పై ఒక్క ఏళ్ల కిందట కెమిస్ట్రీ విభాగం ఇచ్చిన సరుకు. ‘తయారుచేసినవారు’ అన్న గడిలో ఆ విభాగం ప్రొఫెసర్ పేరుంది. ఆయన రిటైరయ్యారు కానీ పై అంతస్తులో గది ఇంకా ఖాళీ చేయలేదు.

అసలు సీసా కోసం ఆమె స్టోర్‌కి వెళ్లింది. బొటనవేలంత సీసా, అడుగున పసుపు రంగు పొడి. లేబుల్ మీద తేదీ, బరువు పెన్నుతో రాసి ఉన్నాయి. ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత. ఆ రాత ఆమెకు తెలుసు. ఇంట్లో ఉప్పు డబ్బా మీద, మందు సీసాల మీద, ఆఖరికి చీపురు మీద కూడా ఆ రాతతోనే తేదీలుంటాయి. అది మేనత్త రాత.

మేనత్త ముప్పై నాలుగేళ్లు కెమిస్ట్రీ విభాగంలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడింట్లోనే ఉంటుంది.

సాయంత్రం మేనకోడలు ఫోన్‌లో ఫొటో చూపించింది. “అత్తా, ఈ సీసా నీదేనా?”

“నాదెందుకవుతుంది, ల్యాబ్‌ది. పొడి చేసింది మాత్రం నేనే.”

“రికార్డులో సార్ పేరుంది.”

“ఉంటుంది. అలాంటివి రెండు వందల అరవై చేశాను. అన్నిటికీ ఆయన పేరే ఉంటుంది. ఆ మనిషికి బర్నర్ వెలిగించడం రాదే తల్లీ. అగ్గిపుల్లంటే భయం.”

“అప్పుడే అడగొచ్చుగా?”

“అడిగాను. జీతం ఇస్తున్నారు కదమ్మా అన్నాడు.” ఫొటోను కాసేపు చూసింది. “ఇది నిలబడితే జర్నల్‌కి పేపరు రాస్తారా?”

“రాస్తారు.”

“అందులో నా పేరు వేయిస్తావా?”

ఉక్కపోస్తుంటే ఫ్యాన్ వేయమని కూడా అడగని మనిషి. మేనకోడలు వెంటనే సరేనంది.

మర్నాడు ల్యాబ్ ఇన్‌ఛార్జికి చెప్పింది. ఇన్‌ఛార్జి నియమాల మనిషి. పాత నోట్‌బుక్ తెప్పించి పేజీలన్నీ తిప్పాడు. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకే చేతిరాత. ప్రొఫెసర్‌ని పిలిచాడు.

“చేతులు ఆవిడవే, కాదన్నదెవరు? ఆలోచన నాది,” అన్నారు ప్రొఫెసర్. “వంటమనిషి పేరు శుభలేఖలో వేస్తారా?”

“నోట్‌బుక్ ప్రకారం చేసింది ఆవిడే సార్. చేసినవాళ్ల పేరు ఉండాలి. అది ల్యాబ్ నియమం.”

ప్రొఫెసర్ వాదించలేదు. తన పేరు ముందు ఉంటే చాలన్నారు. మేనకోడలు ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. అవతల మేనత్త “ఊఁ” అని పెట్టేసింది. పది నిమిషాల తర్వాత తనే చేసి, ఇందాక ఏమన్నావో మళ్లీ చెప్పమంది.

పేపరు పంపేముందు ఆ రసాయనాన్ని కొత్తగా చేయించి పరీక్షించాలి. బయటి కంపెనీకి ఆర్డరిచ్చారు. మూడు వారాలకు పొడి వచ్చింది. పరీక్షిస్తే ఎంజైమ్ ఆగలేదు. మళ్లీ తూచి, మళ్లీ కరిగించి చూశారు. ఆగలేదు. పాత సీసాలోది ఆపుతోంది, కొత్తది ఆపడం లేదు. రెండూ ఒకే రసాయనం.

“కొత్తవాళ్లు సరిగా చేసుండరు. పాత పొడి లెక్కలున్నాయిగా, వాటితో పంపేయండి,” అన్నారు ప్రొఫెసర్. ఎంజైమ్ తెచ్చినవాళ్లూ తొందరపెడుతున్నారు. కొత్త పొడిని ఇంకా పరిశీలిస్తున్నామని ఒక వాక్యం చేర్చి శుక్రవారం పంపేద్దామన్నాడు ఇన్‌ఛార్జి.

బుధవారం సాయంత్రం మేనకోడలు ఇదంతా చెబుతుంటే మేనత్త బట్టలు మడతపెడుతోంది. “కొత్తవాళ్లు చివరి మెట్టు దేంతో చేశారు?” అని అడిగింది.

“హైడ్రోజన్ గ్యాస్‌తో.”

మేనత్త చేతిలోని చొక్కా కింద పెట్టింది. “నేను జింక్ పొడితో చేశాను. తర్వాత రెండుసార్లు వడకట్టాలి. ఒకసారే వడకట్టాను, పొడిలో జింక్ మిగిలిపోయి ఉంటుంది. సాయంత్రానికల్లా సీసా తన బల్ల మీద ఉండాలని కూర్చున్నాడు ఆయన. ఇంకోసారి వడకట్టాలని నోట్‌బుక్‌లో రాసి మరీ ఇచ్చాను. మీ ఎంజైమ్ జింక్‌కి ఆగుతుందా?”

“ఆగుతుంది,” అంది మేనకోడలు. “అత్తా, శుక్రవారం పేపరు వెళ్లిపోతుంది. నీ పేరు వచ్చేస్తుంది. ఈ జింక్ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.”

“ఆ పేపరు నమ్మి ఇంకెవరో పిల్లలు ఆ పొడి పట్టుకుని నాలుగేళ్లు కూర్చుంటారు. రేపు వెళ్లగానే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే బస్సెక్కి వస్తా.”

గురువారం పొద్దున పాత పొడి ఉన్న గుంటల్లో లోహాన్ని పట్టేసే రసాయనం కలిపి చూశారు. ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. ఎంజైమ్ మామూలుగా పనిచేసింది. హిట్ లేదు, పేపరూ లేదు.

అదే సరుకు ఇంకో ఐదు యూనివర్సిటీల దగ్గర ఉంది. వాళ్లందరికీ హెచ్చరిక పంపాలి. ఇన్‌ఛార్జి ఫారం తెరిచాడు. రసాయనం సంఖ్య, లోపం, తయారుచేసినవారు. మూడో గడిలోకి రికార్డు నుంచి ప్రొఫెసర్ పేరు దానంతటదే వచ్చి కూర్చుంది. అది చూసి పక్కనే ఉన్న ప్రొఫెసర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

“రికార్డు తప్పు. చేసింది ఆవిడ. నోట్‌బుక్ మీరే చూశారు.”

“ఇంకోసారి వడకట్టాలని అదే పేజీలో ఆవిడ రాసింది సార్. పొద్దున చూశాను.”

“రాస్తే సరిపోతుందా? వడకట్టాలి. చేసినవాళ్ల పేరుండాలని నియమం చెప్పింది మీరా, నేనా?”

ఇన్‌ఛార్జి ప్రొఫెసర్ పేరు చెరిపి మేనత్త పేరు కొట్టాడు.

“మిగతా రెండు వందల యాభై తొమ్మిదికి కూడా మారుస్తారా సార్?” అంది మేనకోడలు.

“వాటితో ఇబ్బందేమీ రాలేదు కదమ్మా,” అన్నారు ప్రొఫెసర్.

హెచ్చరిక ఆ మధ్యాహ్నమే ఐదు చోట్లకూ వెళ్లింది. ఇంటికెళ్లాక దాన్ని మేనత్తకు చూపకుండా దాచాలనుకుంది మేనకోడలు. మేనత్త చెయ్యి చాపింది. ఫోన్ తీసుకుని రెండుసార్లు చదివింది.

“ఇంకోసారి వడకట్టాలని రాశానే,” అంది. “ఆ మాట ఎక్కడుంది?”

“ఫారంలో దానికి గడి లేదత్తా.”